బీరులో గింజలు చౌక, చల్లదనం ఖరీదు

అమెరికాలో ఉన్న బావమరిది "గ్యారేజీలో బీరు కాస్తున్నా" అని ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెడితే, గుంటూరు నుంచి మొదట వెళ్ళే ప్రశ్న రుచి గురించి ఉండదు. "ఎంతయ్యింది బావా? కొనుక్కున్నదానికన్నా చౌకేనా?" అనే ఉంటుంది. అడగాల్సిన ప్రశ్నే. బీరు వెనకున్న సైన్సు అంతా ఆ ఖర్చుల చిట్టాలోనే కనిపిస్తుంది.

ముందు చట్టం సంగతి. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం. "అమ్మడానికి కాదండీ, ఇంట్లోకే" అన్నా కుదరదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళ సారా వ్యతిరేక ఉద్యమం చూసి, 1995లో సంపూర్ణ మద్యనిషేధం కూడా పెట్టి చూసిన రాష్ట్రం మనది. అమెరికాలోనూ ఈ సరదాకు మొదటినుంచీ అనుమతి లేదు. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం వచ్చాకే ఇంట్లో చేసుకునే బీరుకు పన్ను తీసేశారు. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 750 లీటర్లు. అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలైతే 2013 దాకా ఒప్పుకోలేదు. కాబట్టి విజయవాడలో ఎవరూ దీన్ని చదివి బిందె పొయ్యి మీద పెట్టకండి. లెక్క మాత్రం వేసుకుందాం, లెక్కకు లైసెన్సు అక్కర్లేదు.

బావమరిది చిట్టా ఇలా ఉంటుంది. పెద్ద గిన్నె, మూతకు గాలిబుడగల గొట్టం ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము, సాంద్రత కొలిచే హైడ్రోమీటరు, సీసాలకు మూతలు బిగించే పరికరం: మామూలు రకం సెట్టు 100 నుంచి 150 డాలర్లు. ఒక్కో విడతకు, అంటే 19 లీటర్లకు, దినుసులు 35 నుంచి 50 డాలర్లు. దాంతో యాభై సీసాలు నిండుతాయి. సీసాకు డాలరు లోపే పడింది కాబట్టి చౌకే అనిపిస్తుంది. ఇక్కడే మనవాడు బోల్తాపడతాడు. రెండో నెలలో ఇంకో గిన్నె, మూడో నెలలో చల్లబరిచే రాగి చుట్ట, ఆ తర్వాత గ్యారేజీలో ఇంకో ఫ్రిజ్. ఖర్చు తడిసి మోపెడవుతుంది. పోనీ ఇదంతా షోకేనా అంటే కాదు, ఆ ఫ్రిజ్‌కు గట్టి కారణమే ఉంది. దాని దగ్గరికి రావాలంటే గింజ దగ్గర మొదలుపెట్టాలి.

బీరుకు నాలుగే సరుకులు: మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ (మాల్టు), నీళ్ళు, హాప్స్ అనే తీగ పూలు, ఈస్ట్. 1516లో బవేరియా పాలకులు పెట్టిన ప్రసిద్ధ నియమంలో మూడే ఉన్నాయి. ఈస్ట్ పేరు లేదు. అది ప్రాణి అన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. 20 లీటర్లకు నాలుగు, నాలుగున్నర కిలోల బార్లీ మాల్టు పడుతుంది. బార్లీ నీళ్ళ కోసం మనం కిరాణా కొట్లో కొనే తెల్లటి బార్లీ దీనికి పనికిరాదు. పొట్టు తీసి మెరుగుపెట్టిన గింజ మొలకెత్తదు, మొలకెత్తకపోతే కథే లేదు.

ఎందుకంటే గింజలో ఉన్నది పిండి, అంటే చక్కెర అణువుల పొడవాటి గొలుసు. ఈస్ట్ తినేది విడి చక్కెర. పిండిని కత్తిరించి చక్కెర చేసే ఎంజైములు, అమైలేజులు, గింజ మొలకెత్తేటప్పుడు జోరందుకుంటాయి. మొక్క తన ఆకలి కోసం చేసుకున్న ఏర్పాటును మనిషి మధ్యలో ఆపి తన పనికి వాడుకుంటాడు. రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, పిండి పట్టించి పిల్లలకు జావ కాచే ప్రతి తల్లీ చేసేది ఇదే. చుక్క ఆల్కహాలు లేకుండా బీరు తయారీలో సగభాగాన్ని గుంటూరు వంటింట్లోనే చూడొచ్చు.

బియ్యప్పిండితో గరిటె నిలబడేంత చిక్కగా జావ కాచండి. దించి, వేలు పెడితే చురుక్కుమని వెనక్కి తీసుకునేంత వేడికి, అంటే 65 డిగ్రీల దగ్గరికి రానివ్వండి. అందులో మొలకెత్తిన రాగుల పిండి ఒక చెంచా వేసి కలపండి. ఆ రాగులు నీడన ఆరబెట్టినవై ఉండాలి. బాగా వేయిస్తే ఎంజైములు చచ్చిపోతాయి. కాసేపట్లో జావ మీ కళ్ళముందే పలచబడుతుంది. నీళ్ళేమీ కలపలేదు, పిండి గొలుసులు తెగాయి, అంతే. మొదట్లో ఒక చుక్క, అరగంట తర్వాత ఒక చుక్క విడిగా తెల్ల పళ్ళెంలో వేసి, మందుల షాపులో దొరికే అయోడిన్ ద్రావణాన్ని నీళ్ళు కలిపి తాకించండి. మొదటిది నల్లటి నీలానికి తిరుగుతుంది. రెండోదాంట్లో ఆ నీలం బాగా తగ్గి గోధుమరంగులోకి దిగుతుంది. పిండి ఎంత మిగిలిందో రంగే చెబుతుంది. బీరు కాచేవాళ్ళు కూడా ఇదే పరీక్ష చేస్తారు. పళ్ళెంలోది మాత్రం నోట్లో పెట్టుకోకండి.

బార్లీతో ఈ పని చేసేటప్పుడు రెండు డిగ్రీల తేడాకే రుచి మారిపోతుంది. ఒక రకం అమైలేజు గొలుసు చివరినుంచి రెండేసి లంకెలు కోస్తూ మాల్టోజ్ అనే చక్కెర ఇస్తుంది, 60–65 డిగ్రీల దగ్గర దాని జోరు ఎక్కువ. ఇంకో రకం గొలుసును మధ్యలో ఎక్కడపడితే అక్కడ తెంపుతుంది, 70 దాటినా ఓర్చుకుంటుంది. కాస్త తక్కువ వేడిలో ఉంచితే పలచటి, తీపి లేని బీరు. కాస్త ఎక్కువైతే ఈస్ట్ తినలేని పెద్ద ముక్కలు మిగిలి, చిక్కగా తియ్యగా ఉంటుంది. మంచి థర్మామీటరు లేకుండా ఈ పని పెట్టుకోవద్దని వాళ్ళు అంత గట్టిగా చెప్పేది అందుకే.

ఆ తీపి కషాయాన్ని గంటసేపు మరిగిస్తారు. హాప్స్ పూలలోని ఆమ్లాలు ఆ మరుగులోనే రూపం మార్చుకుని చేదు పుట్టిస్తాయి, కొంతవరకు సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటాయి కూడా. హాప్స్ చలిదేశపు పంట. మన కృష్ణా తీరంలో ఆశ పెట్టుకోనక్కర్లేదు. గ్యాసు సంగతి చూస్తే, 24 లీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరగబెట్టి, మూడున్నర లీటర్లు ఆవిరి చేయడానికి సుమారు 15 మెగాజౌళ్ళు కావాలి. పొయ్యిలో వృథా పోయేది కూడా కలిపితే అర కిలో గ్యాసు. 14.2 కిలోల సిలిండరులో సుమారు ముప్ఫయ్యో వంతు. వేడి ఎప్పుడూ చౌకే.

అసలు పని ఈస్ట్‌ది. పొడి ఈస్ట్ ఒక గ్రాములో వెయ్యి కోట్ల పైచిలుకు కణాలుంటాయి. 20 లీటర్లకు 11 గ్రాముల పొట్లం సరిపోతుంది. ఒక్కో గ్లూకోజ్ అణువును కణం రెండు ఆల్కహాలు అణువులుగా, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులుగా విరగ్గొడుతుంది. 180 గ్రాముల గ్లూకోజ్‌కు 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల వాయువు. ఇంత చేసి కణానికి దక్కేది రెండే రెండు ఏటీపీ అణువులు, అంటే కణం తన పనులకు ఖర్చుపెట్టుకునే శక్తి చిల్లర. అదే గ్లూకోజ్‌ను ఆక్సిజన్‌తో పూర్తిగా కాల్చుకుంటే ముప్ఫై దాకా వస్తాయి. ఏటీపీ పేరు వచ్చింది కాబట్టి మనవాడి పేరు చెప్పకుండా ఎలా? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీని కండరాల నుంచి వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది కనుక్కున్నారు. ఈస్ట్ కణాన్ని పగలగొట్టి తీసిన రసం కూడా చక్కెరను పులియబెడుతుందని 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ చూపించారు. 1907లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. జీవరసాయనశాస్త్రం అనే చెట్టుకు ఒక పెద్ద వేరు బీరు డ్రమ్ములోనే ఉంది.

ఈస్ట్ చక్కెర తింటున్నప్పుడు వేడి పుడుతుంది. కిలో చక్కెరకు సుమారు 590 కిలోజౌళ్ళు. మామూలు బీరు ఒక విడతలో కిలోన్నరకు పైగా చక్కెర పులుస్తుంది. బయటికి వేడి పోనివ్వకుండా డ్రమ్మును కప్పి ఉంచితే ఆ 20 లీటర్లు తమంతట తామే పది డిగ్రీల పైన వేడెక్కగలవు. మామూలు ఏల్ రకం ఈస్ట్‌కు 18 నుంచి 22 డిగ్రీలు హాయి. లాగర్ రకానికైతే 8 నుంచి 13 చాలు. గదిలో 34 డిగ్రీలు ఉంటే, డ్రమ్ములో ఇంకా ఎక్కువ. ఆ వేడికి ఈస్ట్ తొందరపడి ఘాటైన బరువు ఆల్కహాళ్ళను, అరటిపండు వాసనగల ఎస్టర్లను వదులుతుంది. తాగితే ఎవరో పెయింటు డబ్బా మూత తీసినట్టుంటుంది.

ఇప్పుడు విజయవాడ మే నెలను ఊహించుకోండి. ఏసీ వేసినా చెమటలు పట్టే ఊరు. మరిగిన 20 లీటర్లను 20 డిగ్రీలకు దించాలంటే 6,700 కిలోజౌళ్ళ వేడి బయటికి పంపాలి, అదీ క్రిములు చేరకముందే, గబగబా. రాగి చుట్టలో కుళాయి నీళ్ళు తిప్పితే చల్లబడుతుంది, కానీ ఆ నీళ్ళకన్నా చల్లగా ఎప్పటికీ కాదు. మిట్టమధ్యాహ్నం డాబా మీద ట్యాంకులో నీళ్ళతో స్నానం చేసినవాళ్ళకు ఆ నీళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. సాయంత్రం దాకా ఆగి 35 డిగ్రీల దాకా తెచ్చినా, మిగతా 15 డిగ్రీలు దించడానికి కాగితం మీద మూడు కిలోల ఐసు కావాలి. గిన్నె, గాలి తాగేసేది కలుపుకుంటే ఇంకా ఎక్కువే. ఆ తర్వాత రెండు వారాలు డ్రమ్ము పట్టేంత ఫ్రిజ్ రాత్రింబవళ్ళు తిరగాలి. పాత ఫ్రిజ్ రోజుకు ఒక యూనిట్ పైనే లాగుతుంది. గింజల ఖర్చు ఎక్కడైనా పెట్టాల్సిందే. చలిదేశంలో బేస్‌మెంటు ఊరికే ఇచ్చే చల్లదనాన్ని బెజవాడలో కరెంటు బిల్లుతో కొనాలి.

దీనికో వింత మినహాయింపు ఉంది. నార్వే పల్లెటూళ్ళలో తరతరాలుగా దాచుకున్న క్వైక్ అనే ఈస్ట్ 35, 40 డిగ్రీల దగ్గర కూడా ఘాటు రాకుండా పులియబెడుతుంది. అక్కడి రైతులు కషాయం పూర్తిగా చల్లారకముందే ఈస్ట్ వేసేసేవాళ్ళు, తట్టుకున్నదే మిగిలింది. మంచుదేశపు ఈస్ట్‌కు మన ఏప్రిల్ ఎండ నప్పుతుందంటే నవ్వొస్తుంది గానీ, నిజం.

శుభ్రత ఖర్చు డబ్బుల్లో కనపడదు, నడుం నొప్పిలో కనపడుతుంది. ఈ సరదాలో సగం అంట్లు తోమడమే. మరిగాక తాకే ప్రతి గొట్టం, గరిటె, సీసా క్రిమిరహితంగా ఉండాలి. లేకపోతే లాక్టిక్ బాక్టీరియా చేరి పులుపెక్కిస్తాయి. తరవాణి కుండలో ఆ పులుపే మనకు కావాలి, బీరులో అదే దండగ. కుళాయి నీళ్ళలో క్లోరిన్ మిగిలి ఉన్నా మందుల వాసన వస్తుంది.

ఈ తంటాలన్నీ లేకుండా ప్రకృతి మన పొలం గట్ల మీద ఊరికే చేసిపెడుతున్నది తాటికల్లు. గెల గీసి లొట్టి కట్టిన గంటల్లోనే పులియడం మొదలవుతుంది. మరగబెట్టనక్కర్లేదు, మొలకెత్తించనక్కర్లేదు, అందులో ఉన్నది ముందే చక్కెర. ఈస్ట్‌తోపాటు జైమోమోనస్ అనే బాక్టీరియా కూడా చెయ్యేస్తుంది. దానికి గ్లూకోజ్‌కు ఒక్క ఏటీపీయే దక్కుతుంది, అందుకే కడుపు నిండక చక్కెరను ఇంకా ఆత్రంగా ఖాళీ చేస్తుంది. లొట్టి లోపల సున్నం పూస్తే క్షారానికి ఈ జీవులు పనిచేయలేవు. తెల్లారేసరికి దిగేది తియ్యటి నీరా, కాస్తే తాటిబెల్లం. గీతకూ లైసెన్సు కావాలి, అది వేరే సంగతి.

సరే, చేతులు ఊరుకోనివాళ్ళకు ఒక లెక్క. లీటరు చల్లారిన అల్లం కషాయంలో నిమ్మరసం పిండి, సరిగ్గా 6 గ్రాముల పంచదార, బేకరీ ఈస్ట్ చిటికెడు వేసి, కూల్‌డ్రింకు వచ్చిన ప్లాస్టిక్ సీసాలో పోసి మూత బిగించండి. గాజు సీసా వద్దు. 6 గ్రాములూ పూర్తిగా పులిసినా పుట్టే ఆల్కహాలు 3.2 గ్రాములు, అంటే 0.4 శాతం. ఆహార భద్రత నిబంధనలు 0.5 శాతం దాటినవాటినే ఆల్కహాలు పానీయాలంటాయి. వాయువు 3 గ్రాములు వస్తుంది, గ్లాసులో బుస్సుమనడానికి చాలు. తీపి సరిపోలేదని సీసాలోనే 80 గ్రాములు వేశారో, ఆల్కహాలు 5 శాతం దాటుతుంది, వాయువు 40 గ్రాములవుతుంది, ఆ ఒత్తిడికి సీసా పేలిపోతుంది. అందుకే తీపి తాగేముందు గ్లాసులో కలుపుకోవాలి. ఎండాకాలంలో ఒక రోజు, మహా అయితే రెండు రోజులు బయట ఉంచి సీసాను నొక్కి చూడండి. గట్టిగా బిగుసుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి రాత్రంతా వదిలేయండి. కార్బన్ డయాక్సైడ్ 5 డిగ్రీల నీళ్ళలో కరిగినంతలో సగం కూడా 30 డిగ్రీల నీళ్ళలో కరగదు. ఆగలేక వెచ్చగా ఉండగానే మూత తీస్తే సగం సోడా వంటింటి గోడకే పోతుంది.