నీళ్ళ గొట్టంతో కొలిచాకే ఇన్‌టేక్ కొన్నాం

మా బావ బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాడు, సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కొన్నాడు, 5.0 లీటర్ల వీ8, మన దేశంలో 2016 నుంచి కొన్నాళ్ళు అమ్మారు కదా అది. బండి ఇంటికొచ్చి వారం కూడా కాలేదు, ఫోన్ చేసి "ఒరేయ్, ఎయిర్ ఇన్‌టేక్ మార్చేద్దాంరా, ఇరవై హార్స్‌పవర్ వస్తుందంట" అన్నాడు. ఇన్‌టేక్ అంటే ఇంజిన్‌కి గాలి అందించే ఫిల్టర్, దాని డబ్బా, గొట్టం; వాటి బదులు బిగించుకునే సెట్‌ని కిట్ అని అమ్ముతారు. ఎవరన్నారు బావా అంటే అమ్మేవాళ్ళే అన్నారంట. సరే కొనేముందు ఒక్క లెక్క చూద్దాం, ఆ ఇరవై ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిస్తే కొందాం అన్నాను. ఆ లెక్క చెయ్యడం నాకు ఎంత నచ్చిందంటే దాని గురించి రాయకుండా ఉండలేకపోయా.

ఇంజిన్ అంటే మనం పెట్రోల్ తాగే మెషీన్ అనుకుంటాం గానీ అది మింగేది ఎక్కువగా గాలే. ఒక కిలో పెట్రోల్ సరిగ్గా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోల్‌కి ఎంతవుతుందో చూస్తే బెంగళూరు గాలిలో సుమారు పదివేల లీటర్లు, అంటే మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకులు పది నిండా గాలి. బావ బండి ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి అయిదు లీటర్ల గాలి లోపలికి లాగుతుంది, 6500 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 6500 చుట్ల దగ్గర లెక్కేస్తే సెకనుకి దాదాపు 270 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి సెకనులో ఖాళీ చేసి ఇంకా మూడోవంతు అడుగుతుందన్నమాట. ఇంత గాలి ఒక కాగితం ఫిల్టర్ గుండా, ఒక ప్లాస్టిక్ డబ్బా గుండా, మన చేతి మందం గొట్టం గుండా పోవాలి.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటుంది. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. చెన్నైలో గాలి ఒత్తిడి 101 కిలోపాస్కల్స్ ఉంటే ఇక్కడ 91 దగ్గర ఉంటుంది, అంటే పదోవంతు తక్కువ. గాలిని ఒత్తి లోపలికి తోసే టర్బో లేని ఇంజిన్‌కి గాలి ఎంత తగ్గితే బలం దాదాపు అంత తగ్గుతుంది, కాబట్టి పేపర్ మీద 400కి దగ్గరగా ఉన్న ఆ మస్టాంగ్, మెరీనా పక్కన నడిచినట్టు మారతహళ్ళిలో నడవదు, ఓ నలభై హార్స్‌పవర్ దక్కన్ పీఠభూమే తీసేసుకుంటుంది. మే నెల చెన్నై ఎండలో గాలి వేడెక్కి పల్చబడుతుంది కాబట్టి ఆ తేడాలో కొంత మనకి తిరిగొస్తుంది, అంతే. ఏ ఇన్‌టేక్ కిట్టూ ఈ నలభైని వెనక్కి తేలేదు. ఇన్‌టేక్ కిట్ గాలిని పుట్టించదు, దారిలో ఉన్న అడ్డు తీస్తుంది. అసలు అడ్డు ఎంతుందో అంతకంటే ఎక్కువ అది ఇవ్వలేదు. మరి కంపెనీ వాళ్ళ డబ్బా ఎంత అడ్డుపడుతోంది? ఇది కొలవచ్చు, పైగా చాలా తేలిగ్గా.

అక్వేరియం షాపులో దొరికే పారదర్శకమైన సన్న గొట్టం కొన్నాం. దాన్ని యు ఆకారంలో ఒక చెక్కకి కట్టి, కనపడ్డానికి కాస్త కుంకుమ కలిపిన నీళ్ళు సగం దాకా పోసి, ఒక కొసని ఫిల్టర్ తర్వాతి గొట్టంలోకి పెట్టి రెండో కొస బయటికి వదిలేశాం. ఇంజిన్ గాలి లాగుతుంటే ఫిల్టర్ వెనక ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు ఆ పక్కకి పైకెక్కుతాయి. రెండు పక్కల మట్టాలకి తేడా 10 సెంటీమీటర్లుంటే ఒక కిలోపాస్కల్ పోయినట్టు. గొట్టం పొడవు మాత్రం మీటరు పైన ఉండాలి, లేకపోతే ఆ నీళ్ళు ఇంజిన్ లోపలికే పోతాయి. దీన్ని రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో, అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూడ్డం ప్రమాదం, అందుకని బండిని రోలర్ల మీద నడిపి బలం కొలిచే డైనో ఉన్న వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళాం. పాత ఫిల్టర్‌తో తేడా 38 సెంటీమీటర్లు. ఫిల్టర్ తీసి చూస్తే మడతల్లో ఎర్రమట్టి, వేపాకులు. కంపెనీదే కొత్త కాగితం ఫిల్టర్ వేసి మళ్ళీ చూస్తే 29.

ఆ 29 సెంటీమీటర్లంటే 2.9 కిలోపాస్కల్స్ లోపే, 91లో మూడు శాతం. ఇక్కడ 360 హార్స్‌పవర్ అనుకుంటే అందులో మూడు శాతం పదకొండు. అంటే ఫిల్టరూ డబ్బా గొట్టం మొత్తం పీకి అవతల పారేసి, ఏ అడ్డూ లేకుండా గాలి నేరుగా థ్రాటిల్‌లోకి, అంటే ఇంజిన్‌లోకి గాలి వదిలే కవాటంలోకి వెళ్ళినా పదకొండే. ఇరవై అన్న మాట అక్కడితో ఆగిపోయింది, పైగా తొమ్మిది సెంటీమీటర్లు ఒక మామూలు ఫిల్టర్ మార్చినందుకే వచ్చేశాయి. ఎవరైనా ఇన్‌టేక్ గురించి అడిగితే నేను ముందు చెప్పేది ఇదే, పాత ఫిల్టర్‌తో ఒకసారి, కొత్త కిట్‌తో ఒకసారి డైనో చేసి చూపిస్తే ఆ తేడా అంతా కిట్‌ది కాదు, అందులో దుమ్ముదీ ఉంటుంది.

డైనోలో ఇంకో మెలిక ఉంది. అక్కడ బానెట్ ఎత్తి, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి రన్ తీస్తారు. బానెట్ ఎత్తి ఉన్నప్పుడు ఇంజిన్ పక్కన తెరిచి పెట్టిన కోన్ ఫిల్టర్‌కి చల్లగాలి దండిగా అందుతుంది. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో బానెట్ మూసి అరగంట నిలబడితే అదే ఫిల్టర్ రేడియేటర్ వేడి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడి పీలుస్తుంది, లోపలికెళ్ళే గాలి 60 డిగ్రీలు చూపించడం పెద్ద వింతేం కాదు. గాలి మూడు డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక శాతం పల్చబడుతుంది. బయట 27 ఉండి లోపలికి 60 వెళ్తే పది శాతం పోయినట్టు, అడ్డు తీసి సంపాదించేది ఒకటీ అరా శాతం! దీనికి తోడు గాలి వేడైతే నాకింగ్ వస్తుందని, అంటే పెట్రోల్ అదుపు తప్పి తనంతట తానే పేలుతుందని, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది, ఇంకొంచెం బలం అక్కడ పోతుంది. కదలడం మొదలెట్టాక తగ్గుతుంది నిజమే, కానీ బెంగళూరులో కదలడం ఎంతసేపు?

అందుకే ఎంచుకునేటప్పుడు ఫిల్టర్ ఏది అనే దానికంటే గాలి నోరు ఎక్కడుంది అనేది పెద్ద ప్రశ్న. గొట్టం అల్యూమినియమా ప్లాస్టికా అని జనం తెగ కొట్టుకుంటారు, నాకైతే అది చిన్న విషయం, ఎందుకంటే ఫుల్ థ్రాటిల్‌లో ఆ గొట్టంలో గాలి గంటకి 150 కిలోమీటర్ల వేగంతో పోతుంది, అర మీటరు గొట్టం దాటడానికి సెకనులో వందో వంతు, అంత తొందరలో గోడ వేడి ఎంతని పట్టుకుంటుంది? బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరిగే ఐడిల్‌లో మాత్రం నెమ్మదిగా పాకుతుంది కాబట్టి అప్పుడు మెటల్ గొట్టం తేడా చూపిస్తుంది. గొట్టం మొదట్లో అంచు ఎలా ఉంది అన్నది చూడండి. పదునుగా కోసేసిన అంచయితే గాలి మలుపు తిరగలేక మధ్యకి ముడుచుకుపోయి రంధ్రంలో అరవై శాతం చిల్లరే వాడుకుంటుంది, గరాటులా విచ్చుకున్న అంచయితే దాదాపు మొత్తం వాడుకుంటుంది. పైసా ఖర్చు లేని లాభం అది, మంచి కిట్లలో ఉంటుంది, చవకవాటిలో ఉండదు.

ఇప్పుడు ఫిల్టర్. ఇది జల్లెడ కాదు. జల్లెడయితే రంధ్రం కంటే పెద్దవి ఆగుతాయి, చిన్నవి పోతాయి. ఫిల్టర్‌లో పెద్ద రేణువులు బరువు వల్ల గాలితోపాటు మలుపు తిరగలేక నారకి గుద్దుకుంటాయి, మధ్యరకం నార పక్క నుంచి పోతూ రాసుకుని అంటుకుంటాయి, మరీ చిన్నవి గాలి అణువుల తోపులాటకి అటూ ఇటూ ఊగుతూ ఎక్కడో తగులుకుంటాయి. ఇంకో విచిత్రం, కాస్త దుమ్ము పట్టిన ఫిల్టర్ కొత్తదానికంటే బాగా వడకడుతుంది, పట్టిన దుమ్మే ఇంకో పొరవుతుంది. అందుకని వారానికోసారి తీసి గాలి కొట్టించడం మంచిది కాదు. మెట్రో పనులు, గ్రానైట్ కోతలు, తవ్విన రోడ్లు ఉన్న ఊళ్ళో దుమ్ములో క్వార్ట్‌జ్ ఉంటుంది, మోస్ స్కేల్ మీద 7, మామూలు ఉక్కు కంటే గట్టిది, పిస్టన్ రింగులకీ సిలిండర్ గోడకీ మధ్య చేరితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. ఫిల్టర్లని కొలవడానికి ఐఎస్ఓ 5011 అని ప్రమాణం ఉంది, ఎంత దుమ్ము ఆపింది, ఎంత దుమ్ము మోసింది, ఎంత అడ్డుపడింది అని మూడూ చెప్పాలి. గాలి ఎక్కువ పోతుంది అని ఒక్కటే చెప్పి మిగతా రెండూ చెప్పని ఫిల్టర్ నేనైతే కొనను.

మేం చూసిన వాటిలో ఒకటి లావు గొట్టంతో ఉంది, బావకి అది బాగా నచ్చింది, లావైతే గాలి ఎక్కువ కదా అని. అక్కడే నిజంగా ఇంజిన్ పోయే ప్రమాదం ఉంది. గొట్టంలో మాఫ్ సెన్సర్ అని ఉంటుంది, అందులో సన్న తీగ వేడిగా ఉంటుంది, పోయే గాలి దాన్ని చల్లారుస్తుంది, వేడి నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి ఈసీయూ గాలి బరువు తెలుసుకుంటుంది. కాఫీ చల్లారాలని ఊదుతాం కదా, ఎంత గట్టిగా ఊదామో కాఫీ చల్లారడాన్ని బట్టి చెప్పినట్టు. కానీ తీగకి తెలిసేది తన పక్కన పోయే గాలి మాత్రమే, మొత్తం గొట్టం సైజు ఈసీయూలో ముందే రాసి ఉంటుంది. సెన్సర్ ఉన్న చోట వ్యాసం పది శాతం పెంచితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, తీగ దగ్గర వేగం ఆ మేరకి తగ్గుతుంది, ఈసీయూ 17 శాతం తక్కువ గాలి వచ్చిందనుకుని పెట్రోల్ తగ్గిస్తుంది. కిలో పెట్రోల్‌కి 14.7 కిలోల గాలి ఉండాల్సింది దాదాపు 17.8 అవుతుంది. మామూలుగా నడిపేటప్పుడు పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ సర్దుకుంటుంది, ఫుల్ థ్రాటిల్‌లో చాలా బళ్ళు ఆ సర్దుబాటు పూర్తిగా నమ్మవు, అప్పుడే ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువ కావాలి, అప్పుడే తక్కువ పడుతుంది. అందుకే గొట్టం సైజు మారితే ట్యూనింగ్, అంటే ఈసీయూలో లెక్కలు మార్చడం తప్పదు. నూనె రాసే కాటన్ ఫిల్టర్లలో నూనె ఎక్కువైతే అదొచ్చి ఈ తీగ మీద చేరుతుంది, రీడింగ్ అప్పుడు కూడా తప్పుతుంది.

ఇక నీళ్ళు. ఫిల్టర్‌ని బంపర్ లోపల కిందకి దించే కిట్లున్నాయి, గాలి నిజంగానే చల్లగా వస్తుంది, అమెరికాలో ఎండాకాలం ట్రాక్‌కి అద్భుతం. 2022 సెప్టెంబర్‌లో బెళ్ళందూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్ ఎలా మునిగిందో, 2015 డిసెంబర్‌లో చెన్నై ఏమైందో చూసినవాళ్ళు ఇక్కడ అది పెట్టకూడదు. నీళ్ళు గాలిలా నొక్కుకుపోవు, సిలిండర్‌లోకి ఓ గుక్క చేరితే పైకొచ్చే పిస్టన్ ఆగిపోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు ఇన్సూరెన్స్‌లో ఇది సాధారణంగా రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోవాలి. మార్పు చేస్తున్నామని ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే రాసి చెప్పడం, మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ఏమంటుందో ఆర్టీఓ దగ్గర కనుక్కోవడం కూడా ఈ ఖర్చులో భాగమే.

చివరికి మూత ఉన్న డబ్బా రకం తీసుకున్నాం, కంపెనీ డబ్బా ఎక్కణ్ణుంచి గాలి తీసేదో అక్కణ్ణుంచే, గ్రిల్ పై భాగం నుంచి తీసేది, సెన్సర్ దగ్గర గొట్టం సైజు కంపెనీదే, నూనె లేని సింథటిక్ ఫిల్టర్. బిగించడానికి ఒక ఆదివారం పొద్దున బేస్‌మెంట్‌లో రెండున్నర గంటలు పట్టింది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, ఏది ఎక్కడుందో ఫోన్లో ఫొటోలు తీసుకుని, పాత గొట్టం ఊడదీయగానే థ్రాటిల్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాం. ఆ గుడ్డ తీయడం మర్చిపోకూడదని దానికి పొడుగు రిబ్బన్ కట్టి బయటికి వేలాడదీశాం. మాఫ్ సెన్సర్ మీద గాలి పోయే దిక్కుకి బాణం గుర్తుంటుంది, తిరగేసి పెడితే అంతే సంగతులు, తీగని వేలితో ముట్టకూడదు. సిలికాన్ జాయింట్ల మీద క్లాంపులు బిగించేటప్పుడు గొట్టం అంచు లోపలికి సరిగ్గా వెళ్ళిందా అని చేత్తో తడిమి చూడాలి, ఎందుకంటే సెన్సర్ దాటాక చిన్న సందున్నా అక్కడ దూరే గాలి లెక్కలోకి రాదు, దాన్ని వడకట్టేది కూడా ఏమీ లేదు. సందు ఉందేమో అని ఊదొత్తి పొగతో చూసేవాళ్ళున్నారు, పెట్రోల్ పైపుల పక్కన నిప్పు వద్దని నా మాట. ఈసీయూ రీడింగులు చూపించే ఓబీడీ అడాప్టర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచో తగ్గించో సర్దుతోందో చూస్తే చాలు. మాకు మొదటిసారి ప్లస్ 11 వచ్చింది, ఇంకా బాగా పెరిగితే పీ 0171, పీ 0174 అని, పెట్రోల్ చాలట్లేదనే కోడ్లతో లైట్ వెలిగేది, వెతికితే ఇంజిన్ లోపలి ఆవిర్లని ఇన్‌టేక్‌లోకి తెచ్చే బ్రీదర్ గొట్టం సగమే ఎక్కించాను నేను. సరిగ్గా నొక్కాక ప్లస్ 2కి దిగింది.

మళ్ళీ డైనో, మళ్ళీ కుంకుమ నీళ్ళు, ఈసారి బానెట్ మూయించాం. 21 సెంటీమీటర్లు. 29 నుంచి ఎనిమిది తగ్గింది, అంటే ఒక శాతం కూడా కాదు, మూడు హార్స్‌పవర్. ఒకే బండి వరసగా రెండు రన్‌లు తీస్తే వచ్చే తేడా కూడా అంతుంటుంది.

కానీ బావ మొహం చూడాలి! చప్పుడు మారిపోయింది. కంపెనీ డబ్బాల్లో పక్కన ఖాళీ గదులుంటాయి, ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక స్వరం పలుకుతుంది కదా, అదే సూత్రం తిరగేసి ఆ స్వరం దగ్గరి చప్పుడుని అవి మింగేస్తాయి, హెల్మ్‌హోల్ట్స్ రెజొనేటర్ అంటారు. కొత్త డబ్బాలో అవి లేవు, 4000 దాటగానే ఎనిమిది సిలిండర్లు గాలి పీల్చే శబ్దం వినిపిస్తుంది, అది నిజంగా అందమైన శబ్దం, దాని కోసం డబ్బు పెట్టడంలో తప్పేం లేదు. బావ కూడా హార్స్‌పవర్ మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండువేల కిలోమీటర్లు తిరిగాక, మధ్యలో ఒకసారి అనంతపురం కూడా వెళ్ళొచ్చాక, డబ్బా విప్పి ఫిల్టర్ తర్వాతి గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడిచాం. దుమ్ము దాటిందేమో అని నా భయం. గుడ్డ వెలుతురులో పట్టుకుని చూస్తే ఒకచోట సన్నటి గీత, అది కూడా బ్రీదర్ నుంచి వచ్చిన ఆయిల్ జిడ్డు, మట్టి కాదు. మూత బిగించి బావ తాళం నా చేతిలో పెట్టాడు.