కంట్రోల్-ఐ మారిస్తే ట్యాబ్ ఎందుకు పోయింది? టెర్మినల్ షార్ట్‌కట్ల వెనకున్న చరిత్ర

గుంటూరు బ్రాడీపేటలో ఉండే నా మేనకోడలు ఒక చిన్న ఆఫీసులో సర్వర్లు చూసుకుంటుంది. రోజంతా టెర్మినల్‌లోనే, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలోనే పని. ఫైళ్లు వెతకడానికి, అటూ ఇటూ మార్చడానికి రేంజర్ అనే ఫైల్ మేనేజర్ వాడుతుంది. మొన్న అందులో కంట్రోల్-ఐ నొక్కితే ఫైలు వివరాలు కనిపించేలా షార్ట్‌కట్ పెట్టుకుంది. అది చక్కగా పనిచేసింది. కానీ అప్పటి నుంచి ట్యాబ్ కీ నొక్కినా అవే వివరాలు వస్తున్నాయి. రేంజర్‌లో తెరిచి పెట్టుకున్న ఒక ట్యాబ్ నుంచి ఇంకోదానికి వెళ్లడానికి ఆ కీనే వాడేది, ఆ పని ఆగిపోయింది. "మావయ్యా, నేను ట్యాబ్‌ని ముట్టుకోనే లేదు, అదెలా పోయింది?" అని రాత్రి పదింటికి ఫోన్ చేసింది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

ఆమె రాసిన సెట్టింగ్‌లో తప్పు లేదు. రేంజర్‌లోనూ లేదు. కంట్రోల్-ఐ, ట్యాబ్ మన వేళ్లకు రెండు వేరువేరు కీలే గానీ, టెర్మినల్ దాటి లోపలికి వెళ్లేసరికి రెండూ ఒకటే. ఎందుకో తెలియాలంటే 1963 దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది అమెరికాలో ఆస్కీ అనే సంకేతాల పట్టిక వచ్చింది. మొత్తం 128 గళ్లు. 8 నిలువు వరసలు, వరసకు 16 గళ్లు, లెక్క సున్నా నుంచి మొదలు. గుంటూరు వాళ్లకి దీన్ని వివరించడం చాలా తేలిక. బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని ఆటో అతనికి వేరే చెప్పక్కర్లేదు. ఆస్కీలో అక్షరాల అడ్రసు కూడా అచ్చం ఇలాగే రాస్తారు. ఐ ఉండేది 4/9లో. ట్యాబ్ ఉండేది 0/9లో. సున్నా, ఒకటి లైన్లలో అక్షరాలు కాపురం ఉండవు. అక్కడ ఉండేవన్నీ మెషిన్‌కి ఇచ్చే ఆజ్ఞలు. కంట్రోల్ కీ చేసే పనల్లా, దాంతో పాటు నొక్కిన అక్షరాన్ని అడ్డరోడ్డు మార్చకుండా సున్నా లైనుకో ఒకటో లైనుకో తీసుకెళ్లడం. 4/9లోని ఐ అలా 0/9కి చేరితే అక్కడ ఉన్నది ట్యాబే. ప్రోగ్రామ్‌కి చేరేది ఆ అడ్రసు మాత్రమే. మనం ఏ కీ నొక్కి అక్కడికి వచ్చామో దానికి తెలిసే దారి లేదు.

ఇదే లెక్కన 4/13లోని ఎమ్, కంట్రోల్‌తో కలిస్తే 0/13లోని ఎంటర్ అవుతుంది. 5/11లోని చదరపు బ్రాకెట్ 1/11లోని ఎస్కేప్ అవుతుంది. చిన్న అక్షరాలు 1967లో ఆరు, ఏడు లైన్లలోకి వచ్చాయి. కంట్రోల్ నొక్కితే అవీ అదే సున్నా, ఒకటి లైన్లకే వెళ్తాయి. అందుకే పాత పద్ధతి టెర్మినల్‌లో కంట్రోల్-షిఫ్ట్-ఎ, కంట్రోల్-ఎ వేరుగా కనిపించవు. మా మేనకోడలే ఇంకోసారి షెల్‌లో (టెర్మినల్‌లో మన కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్‌లో) అలవాటుగా కంట్రోల్-ఎస్ కొట్టి, స్క్రీన్ కదలకపోతే హ్యాంగ్ అయిందనుకుని విండోనే మూసేసింది. అది హ్యాంగ్ కాదు. టెలిటైప్ మెషిన్ల రోజుల్లో "కాసేపు పంపడం ఆపు" అని అవతలి మెషిన్‌కి చెప్పడానికి పెట్టుకున్న సంకేతం ఇప్పటికీ బతికే ఉంది. కంట్రోల్-క్యూ కొడితే మళ్లీ కదులుతుంది. ఈ ఒక్క ముక్క కాలేజీలో చెప్పి ఉంటే ఎంతమంది పని పోకుండా ఉండేదో అనిపిస్తుంది నాకు.

రేంజర్ లాంటి ప్రోగ్రాముల్లో హెచ్, జె, కె, ఎల్ అక్షరాలతో ఎడమకు, కిందికి, పైకి, కుడికి కదలడం కూడా ఈ పట్టిక నుంచే వచ్చింది. హెచ్‌కి ఎదురుగా సున్నా లైనులో ఉన్నది ఒక గడి వెనక్కి వెళ్లే ఆజ్ఞ. జెకి ఎదురుగా ఉన్నది కింది లైనుకి దిగే ఆజ్ఞ. 1976లో లియర్ సీగ్లర్ కంపెనీ ఎడిఎం-3ఎ అనే టెర్మినల్ తెచ్చింది. అప్పట్లో టెర్మినల్ అంటే స్క్రీన్, కీబోర్డు కలిసిన మెషిన్. దానికి వేరే బాణం కీలు లేవు. ఈ నాలుగు అక్షరాల మీదే బాణాలు ముద్రించారు. బిల్ జాయ్ వీఐ అనే టెక్స్ట్ ఎడిటర్‌ని తయారుచేసింది ఆ టెర్మినల్ మీదే, అందుకే ఆ నాలుగూ వీఐలోకి వచ్చేశాయి. దాని మీద ఎస్కేప్ కీ ఇప్పుడు ట్యాబ్ ఉన్న చోట ఉండేది. చిటికెన వేలికి అందుబాటులో ఉంది కాబట్టే మాటిమాటికీ ఎస్కేప్ కొట్టే పద్ధతి అప్పట్లో ఎవరికీ భారం కాలేదు. ఈ రోజు వీఐఎఫ్ఎమ్, రేంజర్, ఎల్ఎఫ్, యాజీ అనే ఫైల్ మేనేజర్లన్నీ అదే నడకను పాటిస్తున్నాయి.

షార్ట్‌కట్లలో వీఐది ఒక వంశమైతే, రెండో వంశం విండోస్‌కి ముందు పీసీల్లో నడిచిన డాస్‌ది. 1986లో జాన్ సోచా రాసిన నార్టన్ కమాండర్ అనే ఫైల్ మేనేజర్ వచ్చింది. స్క్రీన్ మీద పక్కపక్కన రెండు పట్టీలు, అడుగున 1 నుంచి 10 దాకా అంకెలు. ఎఫ్5 కాపీ, ఎఫ్6 మార్పు, ఎఫ్7 కొత్త ఫోల్డర్, ఎఫ్8 తొలగింపు, ఎఫ్10 బయటికి. మొదటి ఐబీఎం పీసీ కీబోర్డు మీద ఉన్న ఫంక్షన్ కీలు సరిగ్గా పదే. 1994లో మిగెల్ డి ఇకాజా ఆ పద్ధతిని యూనిక్స్‌కి తెచ్చి మిడ్‌నైట్ కమాండర్ మొదలుపెట్టాడు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. డాస్‌లో ప్రోగ్రామ్ కీబోర్డుతో నేరుగా మాట్లాడుకునేది. యూనిక్స్‌లో మధ్యన టెర్మినల్ ఉంది. ఆస్కీ పట్టికలో ఎఫ్5కి గడే లేదు, కాబట్టి టెర్మినల్ ఎస్కేప్‌తో మొదలయ్యే నాలుగైదు గుర్తుల వరసను పంపుతుంది, అది కూడా ఒక్కో టెర్మినల్ ఒక్కో రకంగా. అందుకే మిడ్‌నైట్ కమాండర్‌లో కీలు నేర్పించే స్క్రీన్ ఒకటి పెట్టారు. మీ టెర్మినల్ ఏ కీకి ఏం పంపుతుందో అక్కడ నొక్కి చూపిస్తే అది గుర్తుపెట్టుకుంటుంది. ఎస్కేప్ ఒక్కసారి కొడితే ఏమీ జరగక రెండుసార్లు కొట్టాల్సి రావడానికీ ఇదే కారణం. మొదటిది ఏ వరసకి ఆరంభమో తేలే దాకా అది ఎదురుచూస్తుంది. గ్నోమ్ టెర్మినల్‌లో ఎఫ్10 నొక్కితే ప్రోగ్రామ్ మూతపడక మెనూ తెరుచుకుంటుంది. దాన్ని టెర్మినల్ సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు, లేదా ఎస్కేప్ కొట్టి సున్నా నొక్కినా ఎఫ్10 కిందే లెక్క. ల్యాప్‌టాప్ మీద ఫంక్షన్ కీలు సౌండుకీ వెలుతురుకీ పోయాక నేను ఎస్కేప్-అంకె పద్ధతే వాడుతున్నాను.

కీలు మార్చుకునే స్వేచ్ఛ విషయంలో ఒక్కో ప్రోగ్రామ్‌ది ఒక్కో దారి. మిడ్‌నైట్ కమాండర్‌లో మొదట్లో కీలు ప్రోగ్రామ్ లోపలే బిగించి ఉండేవి, తర్వాత ఏ కీ ఏం చేయాలో రాసుకునే వేరే కీమ్యాప్ ఫైలు వచ్చింది. ఎన్ఎన్ఎన్ అనే ఇంకో ఫైల్ మేనేజర్‌కి ఇప్పటికీ సెట్టింగ్స్ ఫైలు లేదు. కీ మార్చాలంటే సోర్స్‌లో మార్చి మళ్లీ కంపైల్ చేసుకోవాలి. రేంజర్ ముందు తన సొంత కీలు చదివి, తర్వాత మన ఫైలు చదువుతుంది, కాబట్టి మార్చినవి మాత్రమే రాసుకుంటే చాలు. యాజీలో మాత్రం జాగ్రత్త పడాలి. ప్రిపెండ్ కీమ్యాప్ అని రాస్తే మన కీలు ముందు వరసలో చేరతాయి. ఉత్త కీమ్యాప్ అని రాస్తే పాతవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, బయటికి వచ్చే కీతో సహా.

వీటిమధ్య మారేవాళ్లకు నిజంగా భయపడాల్సినది ఎక్స్ కీ. యాజీలో అది కట్, అంటే ఇంకోచోట పెట్టడానికి ఫైలుని ఎత్తిపట్టుకోవడం. ఎన్ఎన్ఎన్‌లో అదే ఎక్స్ తొలగింపు. రేంజర్‌లో డి రెండుసార్లు కొడితే కట్. యాజీలో ఒక్క డి ఫైలుని ట్రాష్‌కి పంపుతుంది. రెండు ప్రోగ్రాములు వాడేవాళ్లు ముందుగా మార్చుకోవాల్సినవి ఈ రెండు కీలే అని నా గట్టి అభిప్రాయం. మిగతావి ఎలా ఉన్నా ఫైళ్లు పోవు.

మనకు ఇంకో చిక్కు ఉంది. మా మేనకోడలు ఫోల్డర్లకు తెలుగులో పేర్లు పెడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో టైప్ చేసి, మళ్లీ ఇంగ్లిష్‌కి మార్చడం మరిచిపోయి జె కొడితే టెర్మినల్‌కి ర వెళ్తుంది. ఫైల్ మేనేజర్ కదలదు. ఇన్‌స్క్రిప్ట్‌ని రూపొందించినప్పుడు భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరిక ఉండాలని ఎడమ చేతికి అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడి చేతికి హల్లులు ఇచ్చారు. ఆ లెక్కలో హెచ్, జె, కె, ఎల్ కీల మీద ప, ర, క, త పడ్డాయి. హిందీలోనూ ఆ నాలుగు చోట్ల అవే అక్షరాలు. యాజీలో తెలుగు అక్షరాన్నే కీగా రాసుకోవచ్చు, కాబట్టి ర నొక్కితే కిందికి, క నొక్కితే పైకి అని నాలుగు వరసలు చేరిస్తే కదలిక వరకు సరిపోతుంది. డి మీద పడేది పొల్లు. దాన్ని విడిగా ఫైలులో రాస్తే పక్కన ఉన్న గుర్తుకి అతుక్కుని సరిగా కనబడదు. దాని జోలికి వెళ్లొద్దని చెప్పాను.

ట్యాబ్, కంట్రోల్-ఐల సంగతికి ఇప్పుడు పరిష్కారం ఉంది. కాలిబర్ అనే ఈ-పుస్తకాల ప్రోగ్రామ్ రాసిన కోవిద్ గోయల్ తన కిటీ టెర్మినల్ కోసం కొత్త పద్ధతి తెచ్చాడు. ఏ కీ నొక్కారో, దాంతో కంట్రోల్, షిఫ్ట్ ఉన్నాయో లేవో విడిగా చెప్పే సంకేతం అది. ఫుట్, గోస్టీ లాంటి టెర్మినళ్లూ దీన్ని తీసుకున్నాయి. కానీ టెర్మినల్ ఒక్కటే మాట్లాడితే చాలదు, లోపలి ప్రోగ్రామ్‌కి కూడా ఆ భాష రావాలి. రేంజర్‌కి కంట్రోల్-ఐ అంటే ఇప్పటికీ 9వ నంబరు సంకేతమే, ట్యాబ్ కూడా అదే.

కాబట్టి ఆమె కంట్రోల్-ఐని తీసేసి, ముందు కామా, తర్వాత ఐ నొక్కేలా మార్చుకుంది. కామాకి ఆస్కీలో సొంత ఇల్లుంది, 2/12. దానికి ఎవరితోనూ పంచాయితీ లేదు. ట్యాబ్ తిరిగి వచ్చింది. ఇప్పుడు తన సొంత షార్ట్‌కట్లన్నీ కామాతోనే మొదలవుతున్నాయి, ఆఫీసులో పక్క సీటు అబ్బాయి కూడా ఆ ఫైలే కాపీ చేసుకున్నాడట.