మాక్‌లో మార్కులు పడిపోయినప్పుడు: లా ఎంట్రన్స్ అపోహలు, వాస్తవాలు

ఆగస్టు సగం గడిచేసరికి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. పగలంతా తిరుపతి కోర్టులో ఉండి, సాయంత్రం ఆరు గంటలకు బాలాజీ కాలనీలో అద్దెకు తీసుకున్న మేడ గదిలో లా ప్రవేశ పరీక్షలైన క్లాట్ (జాతీయ లా విశ్వవిద్యాలయాలకు), లాసెట్ (రాష్ట్రంలోని లా కాలేజీలకు) రాసే పిల్లలకు పాఠం చెప్పడం నాకు పదకొండేళ్లుగా అలవాటు. ఫోను చేసేది ఎక్కువగా తండ్రులు, అప్పుడప్పుడు తల్లులు. మనుషులు మారతారు గాని మాట మారదు. "సార్, మావోడికి పోయిన వారం డెబ్బై రెండు వచ్చినాయి, ఈ వారం యాభై ఎనిమిదికి పడిపోయినాయి. వీడికి లా ఎక్కదేమో సార్, ఇంక ఎంసెట్‌కే పంపిద్దామా?" ఆ మాటలు జరుగుతున్నంతసేపూ అబ్బాయి పక్కనే ఉంటాడని నాకు తెలుసు, వాడు నోరెత్తడనీ తెలుసు.

ఒక మాక్‌లో, అంటే అసలు పరీక్షలాగే రాసే నమూనా పరీక్షలో, మార్కులు తగ్గాయంటే చదువు తగ్గినట్లేనని, మార్కులు వారం వారం పెరుగుతూనే ఉండాలని, పెరగకపోతే కొన్నాళ్లు మాక్‌లు మానేసి సిలబసంతా పూర్తిచేసుకొని మళ్లీ మొదలుపెట్టాలని మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది గట్టిగా నమ్ముతారు. ఇవి మూడు అపోహలుగా కనిపించినా వేరు ఒక్కటే. నేను చూసినంతలో, తెలివి చాలక సీటు పోగొట్టుకున్న పిల్లలకంటే ఈ నమ్మకం వల్ల పోగొట్టుకున్నవారే ఎక్కువ. అందుకే మిగిలిన అపోహలను రెండు మూడు మాటల్లో ముగించి, దీనికే ఎక్కువ చోటిస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. క్లాట్‌లో 120 ప్రశ్నలు, 120 మార్కులు, రెండు గంటల సమయం, ప్రతి తప్పు జవాబుకు పావు మార్కు కోత. ప్రశ్నలు విడివిడిగా రావు. సుమారు 450 పదాల ప్యాసేజీ ఒకటి ఇచ్చి, దాని కిందనే వరుసగా కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఐదు ప్రశ్నలున్న ఒక ప్యాసేజీని పిల్లవాడు తలకిందులుగా అర్థం చేసుకున్నాడనుకోండి, ఆ ఐదూ ఒక్కసారే పోతాయి. రావలసిన ఐదు మార్కులు రాకపోవడమే కాకుండా, కోత కింద మరో 1.25 పోతుంది కాబట్టి మొత్తం నష్టం 6.25. అటువంటి ప్యాసేజీలు రెండు తగిలితే 12.5 మార్కులు పోయినట్లే. ఫోనులో ఆ తండ్రి చెప్పిన డెబ్బై రెండుకూ యాభై ఎనిమిదికీ నడుమ ఉన్న తేడా దాదాపు అంతే. వారం రోజుల్లో ఆ అబ్బాయి మరిచిపోయింది ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం రెండు ప్యాసేజీలు సరిగా చదవలేదు.

అదీ జరగలేదనుకుందాం. రెండు ఎంపికల మధ్య ఊగిసలాడే ప్రశ్నలు ఏ పేపరులోనైనా ఇరవై దాకా ఉంటాయి. వాటిలో ఒక వారం పన్నెండు కలిసివస్తాయి, మరో వారం ఏడే కలిసివస్తాయి. అక్కడా ఆరు మార్కుల తేడా వచ్చేసింది. మాక్ తయారుచేసేవారు పేపరును ఒకసారి సులువుగా, ఒకసారి కఠినంగా ఇవ్వడం దీనికి అదనం. ఇన్ని కారణాలు కలిసినచోట మార్కు ఒకే గీత మీద పైకి పోతూ ఉండాలని కోరుకోవడం న్యాయం కాదు.

ఈ సంగతి నాకంటే బాగా అర్థం చేసుకున్న మనిషి ఒకాయన ఉన్నారు. మదనపల్లె దగ్గరి పల్లెలో టమాటా పండిస్తారు. కొడుకు మార్కుల కాగితం పట్టుకొని వచ్చినప్పుడు నేను పై లెక్కంతా బోర్డు మీద వేసి చూపించాను. ఆయన ఓపికగా విని, "ఇంతేనా సార్! ఒకనాడు మార్కెట్లో రేటు పడిపోయిందని తోట పీకేస్తామా?" అని లేచి వెళ్లిపోయారు. కొడుకు మాత్రం ఆ రాత్రి కూడా నిద్రపోలేదని తర్వాత తెలిసింది. పెద్దలకు అర్థమైనంత తేలిగ్గా పిల్లలకు అర్థం కాదు, ఎందుకంటే వాళ్లు ఆ మార్కును పక్క బెంచీలో కూర్చున్నవాడి మార్కుతో కలిపి చూస్తారు.

మా వృత్తి మాటల్లో చెప్పాలంటే మాక్ ఒక వాయిదా వంటిది. వాయిదాకు హాజరు కావాలి, ఆ రోజు మన వాదనలో ఏది నిలిచిందో ఏది నిలవలేదో రాసుకొని రావాలి. కేసు పోయిందని వాయిదా రోజునే ఏడ్చే కక్షిదారును ఊరడించడానికి నాకు పట్టే సమయమంతా ఈ పిల్లల దగ్గరా పడుతుంది.

పాకాలనుంచి రైల్లో వచ్చి చదువుకున్న అమ్మాయి ఒకరున్నారు. జూలైలో 84 తెచ్చుకుంది, ఆగస్టు రెండో వారంలో అది 63 అయింది. "జీకే అంతా ఒకసారి పూర్తిచేసి వస్తాను సార్, అంతవరకు మాక్‌లు వద్దు" అంది. ముఖం చూస్తే జాలేసి, కొంచెం ఊపిరి పీల్చుకోనిద్దామని నేనూ సరేనన్నాను. ఏడు వారాలు ఆమె మాక్ రాయలేదు. తిరిగి వచ్చి రాసిన మొదటి పేపరులో జవాబు పెట్టినవాటిలో తప్పులు చాలా తక్కువ, కాని ముట్టుకోకుండా వదిలేసినవి 31 ప్రశ్నలు. నిమిషానికి ఒక ప్రశ్న చొప్పున చదివి, తేల్చి, ముందుకు పోయే అలవాటు ఆ ఏడు వారాల్లో పోయింది. డిసెంబరు నాటికి అది పూర్తిగా తిరిగి రాలేదు, ఆ ఏడాది ఎన్‌ఎల్‌యూ (జాతీయ లా విశ్వవిద్యాలయం) సీటూ రాలేదు. తర్వాత లాసెట్ రాసి ఐదేళ్ల కోర్సులో చేరి బాగానే చదువుకుంటోంది. అయినా ఆ "సరే" అన్నది నేనే కాబట్టి, ఇప్పుడు ఎవరు ఏడ్చినా వారానికి ఒక మాక్ మాత్రం ఆపనివ్వను. రెండు మూడు రాసేవారిని ఒకటికి తగ్గించుకోమంటాను, అంతే.

మరి పడిపోయిన మార్కుతో ఏం చేయాలి? ఆ సాయంత్రం ఏమీ చేయవద్దు. మరునాడు అదే పేపరును గడియారం లేకుండా, కీ చూడకుండా మళ్లీ రాయాలి. గడియారంతో 58 వచ్చినచోట అది లేకుండా 84 వస్తే, లోపం వేగంలోనూ కంగారులోనూ ఉంది గాని చదువులో లేదు. అలాంటి పిల్లవాడికి ఇంకో పుస్తకం కొనివ్వడం శుద్ధ దండుగ. ఏ ప్యాసేజీ దగ్గర ఎన్ని నిమిషాలు ఇరుక్కుపోయాడో గుర్తు పెట్టుకోవడం నేర్పాలి. గడియారం లేకుండా రాసినా 61 దగ్గరే ఆగిపోతే అప్పుడు చదువు సంగతి ఆలోచించాలి. ఈ రెండో మార్కు తెలియకుండా మొదటి మార్కును చూసి నిర్ణయం తీసుకునే ఏ తల్లిదండ్రులతోనూ నేను వాదించను, ముందు ఆ పేపరు మళ్లీ రాయించుకొని రమ్మంటాను.

తప్పులను కూడా విడదీయాలి. తెలియక పోయినవి వేరు, తెలిసీ తొందరలో పోయినవి వేరు, అతి తెలివితో పోయినవి వేరు. మూడో రకం క్లాట్‌లోని లీగల్ రీజనింగ్ విభాగంలో ఎక్కువ. మా తరగతిలో ఏటా ఒక ప్రశ్న ఇస్తాను. అనుమతి లేకుండా ఇతరుల స్థలంలో అడుగుపెడితే అది అతిక్రమణే, ఉద్దేశంతో పనిలేదని ప్యాసేజీలో సూత్రం ఉంటుంది. బంతి కోసం పక్కింటి దొడ్లోకి గోడ దూకిన పిల్లవాడు అతిక్రమణ చేసినట్లా కాదా అన్నది ప్రశ్న. దయగలవారు కాదంటారు. ఎక్కడో భారతీయ న్యాయ సంహిత తిరగేసి, నేరపూరిత అతిక్రమణకు దురుద్దేశం ఉండాలని చదువుకున్నవారు ఇంకా గట్టిగా కాదంటారు. పేపరు ఏ సూత్రం ఇచ్చిందో ఆ ప్రశ్నకు అదే చట్టం. క్లాట్ రాయడానికి ముందే చట్టాలు బట్టీ పట్టాలన్న అపోహకు కూడా సమాధానం ఇక్కడే ఉంది. ఆ చదువు సాయం చేయకపోగా ఒక్కొక్కసారి అడ్డు వస్తుంది.

లాసెట్ సంగతి అలా కాదు, రెండింటినీ కలిపి కంగారుపడేవారి కోసం చెబుతున్నాను. అందులోనూ 120 ప్రశ్నలే గాని సమయం గంటన్నర. సగం ప్రశ్నలు, అంటే 60, న్యాయవిద్య అభిరుచి విభాగంలోనివి, వాటిలో రాజ్యాంగం, చట్టాల మౌలిక అంశాలు నేరుగా అడుగుతారు. నెగటివ్ మార్కులు లేవు. లేవని ఎన్నిసార్లు చెప్పినా క్లాట్ అలవాటుతో లాసెట్‌లో పది పదిహేను ప్రశ్నలు ఖాళీగా వదిలి వచ్చేవారు ప్రతి ఏటా కనిపిస్తారు, నాకు నిజంగా కోపం వచ్చేది అక్కడే. అర్హత మార్కు 35 శాతం, అంటే 120కి 42. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీస మార్కు నిబంధన కూడా లేదు. ఒక పరీక్ష మాక్ మార్కును రెండో పరీక్ష మార్కుతో పోల్చి దిగులుపడడంలో అర్థం లేదు.

క్లాట్‌లో కోత ఉంది కాబట్టి ఊహించి అసలే పెట్టకూడదన్నది మరో భయం. నాలుగు ఎంపికల్లో కళ్లు మూసుకొని ఒకటి పెట్టినా సగటున నష్టం రాదు, అతి స్వల్పంగా లాభమే. రెండింటిని కొట్టివేయగలిగితే ఒక్కో ప్రశ్నకు సగటు లాభం 0.375 మార్కు. లెక్కలంటే భయపడి క్లాట్ వద్దనుకునేవారు, ఆ విభాగంలో వచ్చేవి 10 నుంచి 14 ప్రశ్నలేనని, పదో తరగతి స్థాయి దాటవని తెలుసుకోవాలి. తెలుగు మీడియం వారికి క్లాట్‌లో సీటు రాదన్నది సగమే అపోహ. క్లాట్ ఇంగ్లీషులోనే ఉంటుంది, దాన్ని దాచి మాయమాటలు చెప్పడం నాకు ఇష్టం లేదు. కాని ఆ పరీక్ష కోరేది ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడాన్ని, మాట్లాడడాన్ని కాదు. రోజూ ఒక సంపాదకీయం చదివే పిల్లలు ఏడాదిలో అక్కడికి చేరడం చూశాను. లాసెట్ ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. రోజుకు పద్నాలుగు గంటలు చదివామని చెప్పేవారి గురించి నేను ఏమీ రాయదలచుకోలేదు.

పుకార్లకు మాత్రం కొంచెం చోటు ఇవ్వక తప్పదు. పరీక్ష వాయిదా పడిందట, పేపరు బయటికి వచ్చిందట అని రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో వచ్చేవాటిని నమ్మి చదువు ఆపినవారు ఉన్నారు. క్లాట్ చరిత్రలో నిజమైన ఒడుదొడుకులు లేకపోలేదు. 2018లో ఆన్‌లైన్ పరీక్ష సాంకేతిక లోపాలతో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2020లో కరోనా వల్ల వాయిదాలు పడి పడి సెప్టెంబరు 28న గాని పరీక్ష జరగలేదు. 2024 డిసెంబరు 1న జరిగిన పరీక్ష కీ మీద నడిచిన వ్యాజ్యం సుప్రీంకోర్టులో 2025 మే నెలలో గాని తేలలేదు. ఆ ఐదు నెలలు పిల్లలు పడిన యాతన నాకు తెలుసు. అయితే ఈ మూడింటిలో ఏదీ వాట్సాప్‌లో తేలలేదు. క్లాట్ నిర్వహించే ఎన్‌ఎల్‌యూల కన్సార్టియం వెబ్‌సైటులోను, కోర్టు ఉత్తర్వులోను కనబడేదాకా ఏ కబురునూ లెక్కచేయవద్దు.

నా సంగతి ఒకటి చెబుతాను. నేను చదువుకున్న రోజుల్లో ఒక కోచింగు సెంటరువారు ప్రతి సోమవారం మార్కుల జాబితాను మెట్ల దగ్గర గోడకు అంటించేవారు, చివరి పదిమంది పేర్లు ఎర్ర సిరాతో ఉండేవి. రెండు నెలల పాటు నా పేరు ఎర్రగానే ఉంది. ఆ మెట్లు ఎక్కలేక సోమవారాలు మానేసి గోవిందరాజస్వామి గుడి కోనేరు గట్టున కూర్చునేవాణ్ణి. చదువు తగ్గింది ఆ మానేసిన రోజుల వల్లే, ఎర్ర సిరా వల్ల పెరిగింది మాత్రం ఏమీ లేదు. అందుకే మా గదిలో మార్కులు ఎవరివి వారికే మడిచి ఇస్తాను. కొందరు తల్లిదండ్రులకు ఇది నచ్చదు, పోటీ తెలియదంటారు.

ఒడుదొడుకులన్నీ మార్కులవే కావని కూడా గుర్తుంచుకోవాలి. రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, బతకడమెందుకన్న మాట వినిపించినా అది నా తరగతిలో తీరే సమస్య కాదు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ సేవ ఉచితంగా, తెలుగులోనే, ఏ వేళలోనైనా దొరుకుతుంది. అక్కడికి తీసుకువెళితే పిల్లవాడికి ముద్ర పడుతుందన్న భయంతో పరీక్ష అయ్యేదాకా ఆగుదామనే వారిని చేతులు జోడించి వేడుకుంటున్నాను, ఆగవద్దు.

చివరగా చిన్న విషయం. తెల్లవారుజామున లేచి మాక్ రాస్తే బుర్ర చురుగ్గా ఉంటుందని చాలా ఇళ్లలో నాలుగు గంటలకే లేపి కూర్చోబెడతారు. క్లాట్ జరిగేది ఆదివారం మధ్యాహ్నం రెండునుంచి నాలుగు వరకు. తెల్లవారుజామున తెచ్చుకున్న మార్కు ఆ వేళకు నిలవకపోవడం, అది చూసి కంగారుపడడం కూడా నేను చూశాను. అందుకే మా గదిలో మాక్ ఆదివారం సరిగ్గా రెండు గంటలకు మొదలవుతుంది. పన్నెండున్నరకే, అదీ మితంగా తిని రమ్మని ముందురోజు చెప్పి పంపుతాను. అయినా వెనక బెంచీలో ఎవరో ఒకరు మొదటి ప్యాసేజీ మీదే తల వాల్చేస్తారు, నేను వెళ్లి కిటికీ తెరుస్తాను.