కరెంటుతో మొదలై కరెంటుకే తిరిగొచ్చిన బావి వాల్వు

1997 ఆగస్టులో నార్వే జలాల్లోని స్నోర్ ప్లాట్‌ఫామ్ మీద సాగా పెట్రోలియం కంపెనీ ఒక చమురు బావిలోకి కొత్తరకం వాల్వులు దించింది. ఆ వ్యవస్థ పేరు స్క్రామ్స్. వాల్వును నెట్టే బలం హైడ్రాలిక్ ఆయిల్‌ది. ఏ వాల్వు కదలాలి, ఎంత తెరుచుకోవాలి అన్న ఆజ్ఞ మాత్రం కరెంటు తీగ మీద దిగేది. పైనున్న మనిషి ప్లాట్‌ఫామ్ మీంచి కదలకుండానే కిలోమీటర్ల లోతులో తలుపు తీసి మూయడం అప్పుడే మొదలైంది. చమురు రంగం దీన్నే తొలి ఇంటెలిజెంట్ కంప్లీషన్‌గా, అంటే పైనుంచే అదుపు చేయగల బావి అమరికగా లెక్కిస్తుంది. ఈమధ్య కంపెనీలు పూర్తి విద్యుత్ వాల్వులను సరికొత్త సరుకుగా చూపిస్తున్నాయి గానీ, బావి అడుగుకు ఎలక్ట్రానిక్స్ వెళ్లడం పాత ముచ్చటే. పరిశ్రమ మధ్యలో దానికి భయపడి దాదాపు పదిహేనేళ్లు నూనె గొట్టాలను నమ్ముకుంది. ఆ భయం ఎందుకు పుట్టిందో, ఎందుకు తగ్గిందో తెలిస్తేనే ఇప్పటి మార్పు అర్థమవుతుంది.

ఒక బావి రెండు మూడు చమురు పొరలను దాటుతుంది. అన్నిట్లో పీడనం ఒకేలా ఉండదు. ఒక పొరలోకి ముందుగా నీరు వస్తుంది. నీరు చమురు కన్నా బరువు కాబట్టి ట్యూబింగ్‌లో, అంటే చమురు పైకొచ్చే గొట్టంలో, నిలిచిన స్తంభం బరువెక్కి, బాగున్న పొరల నుంచి రావాల్సిన చమురును కూడా తొక్కిపెడుతుంది. పాత రోజుల్లో ప్రతి పొర ఎదుటా ఒక స్లైడింగ్ స్లీవ్, అంటే జారి రంధ్రాలను మూసే తొడుగు, పెట్టేవారు. నీరొస్తే వైర్‌లైన్ అనే సన్నని ఉక్కు తీగ మీద పరికరం దించి, స్లీవ్‌ను తట్టి మూసేవారు. నిలువు బావిలో ఇది ఒక పూట పని. బావి వాలు 65, 70 డిగ్రీలు దాటితే పరికరం సొంత బరువుతో కిందికి జారదు. దాన్ని నెట్టే కాయిల్డ్ ట్యూబింగో (చుట్టగా వచ్చే పొడవాటి గొట్టం), లాక్కెళ్లే ట్రాక్టరో (బావిలో పాకే చక్రాల పరికరం) కావాలి. బావి తల సముద్రగర్భంలో ఉంటే ఆ ఒక్క స్లీవ్ కోసం రిగ్ పిలవాలి, దాని అద్దె రోజుకు లక్షల డాలర్లు. అందుకే చాలామంది స్లీవ్ ముట్టుకోకుండా నీటితోనే కాలక్షేపం చేశారు.

అడ్డ బావులు వచ్చాక సమస్య రూపు మారింది. నార్వేలోని ట్రోల్ క్షేత్రంలో పైన భారీ గ్యాస్, కింద నీరు, నడుమ పలుచని చమురు పొర. పశ్చిమ భాగంలో మంచి చోట దాని మందం 22 నుంచి 26 మీటర్లు, మిగతా చోట 12 నుంచి 14 మీటర్లే. అందులో బావిని కిలోమీటర్ల పొడవునా అడ్డంగా తవ్వితే, లోపలి రాపిడి వల్ల మలుపు దగ్గరి మడమ భాగంలో లాగుడు ఎక్కువ, చివరి కొసలో తక్కువ. దాంతో గ్యాస్, నీరు ముందు మడమ దగ్గరే విరుచుకుపడతాయి. దీనికి నార్స్క్ హైడ్రో ఇంజినీర్లు 1990ల మొదట్లో ఒక సులువైన మందు కనిపెట్టారు. జల్లెడ గొట్టంలోకి వచ్చే చమురును సన్నని దారి గుండా తిప్పి, ప్రవాహం ఎక్కువగా దూసుకొచ్చే చోట ఎక్కువ అడ్డు తగిలేలా చేశారు. అదే ఐసీడీ (ఇన్‌ఫ్లో కంట్రోల్ డివైస్). దానికి తీగ లేదు, కదిలే భాగం లేదు. కాబట్టి చెడిపోయేదీ తక్కువే. ఒకసారి దించాక మార్చే వీలూ లేదు. రాతి పొర గురించి వేసిన అంచనా తప్పితే ఆ తప్పు బావి ఉన్నంతకాలం ఉంటుంది.

దించాక కూడా మార్చుకోగలిగే వాల్వు ఐసీవీ (ఇన్‌ఫ్లో కంట్రోల్ వాల్వు). 2000 ప్రాంతంలో బేకర్ ఆయిల్ టూల్స్ ఇన్‌చార్జ్ పేరుతో పూర్తి విద్యుత్ ఐసీవీని తెచ్చింది. లోపల మోటారు, పైనుంచి కరెంటు. సాంకేతికంగా పని చేసినా ఎక్కువ బావుల్లోకి వెళ్లలేదు. అడ్డొచ్చింది వేడి. బావి అడుగున 100 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ మామూలు. ఎలక్ట్రానిక్స్ వాళ్లకు ఒక మోటు లెక్క ఉంది: 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ భాగాల ఆయుష్షు సగమవుతుంది. నేల మీద ఇరవై ఏళ్లు బతికే బోర్డు అక్కడ ఎన్నాళ్లుంటుందన్నది వేసుకుంటేనే భయం. బావిలో శాశ్వతంగా పెట్టే ప్రెషర్ గేజ్‌ల అనుభవం 1970ల నుంచి ఉంది, అవి మూగబోవడం అందరూ చూసిందే. గేజ్ చస్తే ఒక అంకె పోతుంది. వాల్వు మూసి ఉండగా చస్తే పొరే పోతుంది. ఆ తేడాను క్షేత్రం నడిపేవాళ్లు ఎన్నడూ మరవలేదు.

కనుక హైడ్రాలిక్ రాజ్యమేలింది. పావు అంగుళం స్టీలు గొట్టం, దాని మీద ప్లాస్టిక్ తొడుగు, లోపల నూనె, పైన పంపు. ఒత్తిడి పెడితే పిస్టన్ కదులుతుంది. ఇందులో కాలిపోయే చిప్పు లేదు. బలం కూడా దండిగా ఉంటుంది: నాలుగు చదరపు అంగుళాల పిస్టన్ మీద 5,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు) వేస్తే 20,000 పౌండ్లు, అంటే తొమ్మిది టన్నుల నెట్టుడు.

చిక్కంతా గొట్టాల లెక్కలో ఉంది. ప్రతి వాల్వుకు తెరిచే గొట్టం ఒకటి, అన్నిటికీ కలిపి మూసే గొట్టం ఒకటి. మూడు వాల్వులకు నాలుగు, ఆరింటికి ఏడు. ప్రతి గొట్టమూ పొరలను విడదీసే ప్రతి ప్యాకర్ బిరడా గుండా, చివర ట్యూబింగ్‌ను బావి తలకు వేలాడదీసే హ్యాంగర్ గుండా రంధ్రం చేసుకుని పోవాలి. హ్యాంగర్‌లో చోటు కొద్దే. సేఫ్టీ వాల్వు గొట్టం, గేజ్ తీగ, రసాయనాల గొట్టం అప్పటికే అక్కడ కూర్చుని ఉంటాయి. మూడు గొట్టాల్లో ఒత్తిడిని ఒక క్రమంలో పెంచి తగ్గిస్తూ ఆరు వాల్వులను నడిపే డిజిటల్ హైడ్రాలిక్స్ అనే ఉపాయం వచ్చింది. ఆ పైన దారి మూసుకుపోయింది.

రెండో చిక్కు దూరం. పావు అంగుళం గొట్టం గోడ మందం 0.049 అంగుళాలైతే లోపల కిలోమీటరుకు 11.7 లీటర్ల నూనె పడుతుంది. 5 కిలోమీటర్లకు 58 లీటర్లు. 5,000 పీఎస్ఐ వేస్తే నూనె నొక్కుకుపోవడానికే సుమారు ఒక లీటరు పోతుంది. వాల్వు పిస్టన్ అసలు తాగేది కూడా అటూ ఇటుగా అంతే. తిరిగొచ్చిన నూనె కొలిచి వాల్వు ఎక్కడుందో చెప్పే పద్ధతి లోతైన బావుల్లో ఎందుకు మోసం చేస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది. సముద్రగర్భంలో చల్లబడి చిక్కబడిన నూనె ఇంకా నెమ్మది. పైగా ఒక్కో మెట్టుగా తెరుచుకునే వాల్వుల్లో వెనక్కి రావడం ఉండదు. ఏడో మెట్టు నుంచి ఆరుకు రావాలంటే పూర్తిగా మూసి, మొదటి నుంచి చక్రం తిప్పుకు రావాలి.

గొట్టాల లెక్కకు అసలు గండి పడింది సౌదీ అరేబియాలో. ఘవార్ క్షేత్రం దక్షిణ కొసన హరద్ మూడో దశ 2006లో మొదలైంది. లక్ష్యం రోజుకు 3 లక్షల బ్యారెళ్లు. 32 బావులు, ఒక్కో దానికి మూడేసి కొమ్మలు, కొమ్మకో హైడ్రాలిక్ వాల్వు. ప్రయోగం బాగానే నడిచింది, కానీ వాల్వులన్నీ ప్రధాన బావిలోనే కొమ్మల మొదట కూర్చున్నాయి. కిలోమీటరు పైన పొడవున్న కొమ్మలో రాతిలోని ఒక్క చీలిక దగ్గర నీరొచ్చినా కొమ్మ మొత్తాన్నీ బిగించాల్సిందే. కొమ్మ లోపల గదులుగా విడగొట్టి, గదికో వాల్వు పెడదామంటే గొట్టాలను కొమ్మ మలుపు దాటించే మార్గం లేదు.

సౌదీ ఆరామ్కోతో కలిసి ష్లంబర్జే 2010ల మధ్యలో తెచ్చిన మనారా వ్యవస్థ పుట్టుక అదే. ఒక్క విద్యుత్ తీగ మీద అరవై గదుల దాకా నడపడం దాని ఉద్దేశం. ప్రతి గదిలో వాల్వుతో పాటు పీడనం, ఉష్ణోగ్రత, ప్రవాహం, నీటి శాతం కొలిచే సెన్సర్లు ఉంటాయి. కొమ్మ మలుపు దగ్గర తీగను కలపదు. ఇండక్టివ్ కప్లర్ పెడుతుంది. అది రెండు ముక్కలైన ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది: ఆడ చుట్ట బావిలో ముందే ఉంటుంది, మగ చుట్ట తరవాత వచ్చి దానిలో కూర్చుంటుంది. లోహానికి లోహం తగలదు కాబట్టి బురద, ఉప్పునీరు అడ్డు కావు. ఇంకో లాభం కూడా ఉంది. చమురును పైకి తోయడానికి బావిలో పెట్టిన పంపు చెడినప్పుడు పై గొట్టాలు బయటికి లాగినా కింది వాల్వులు కదలవు. ఇంతకాలం ఇది లేకనే పంపు బావుల్లో ఐసీవీలు పెట్టడానికి జంకేవారు. అదే కాలంలో బేకర్ హ్యూస్ కూడా మల్టీనోడ్ పేరుతో మళ్లీ పూర్తి విద్యుత్ వాల్వుకు వచ్చింది.

వేడి తగ్గలేదు, దాన్ని ఓర్చుకునే సరుకు మెరుగైంది. సిరామిక్ పలక మీద కట్టిన హెర్మెటిక్ మాడ్యూళ్లు, ఇన్సులేటర్ మీద సిలికాన్ పరిచిన చిప్పులు, రబ్బరు రింగుకు బదులు వెల్డు చేసిన లోహపు పెట్టెలు, బ్రష్షులు లేని మోటార్లు వచ్చాయి. మోటారు, గేర్‌బాక్సు, బాల్ స్క్రూ నూనెలో మునిగి ఉంటాయి. ఆ నూనె పీడనం బయటి పీడనంతో సమానంగా ఉండేలా బెలోస్ (ముడుచుకుని సాగే లోహపు తిత్తి) ఉంటుంది. లేకపోతే పెట్టె గోడ చాలా మందం కావాలి, సీళ్ల మీద భారమూ ఎక్కువ.

కరెంటు బేరంలో ఉన్న ఇబ్బందిని ఒక స్థూల లెక్కతో చూడొచ్చు. పది టన్నుల బలంతో 100 మిల్లీమీటర్ల స్ట్రోక్‌ను పది నిమిషాల్లో పూర్తి చేయాలంటే 16 వాట్లు చాలు. గేర్లు, స్క్రూ, మోటారు, డ్రైవర్ నష్టాలు పోను సామర్థ్యం మూడో వంతు అనుకుంటే 50 వాట్లు కావాలి. వాడే కేబుల్ పావు అంగుళం ట్యూబు లోపల ఒకే రాగి తీగ. 18 గేజ్ రాగి కిలోమీటరుకు 21 ఓమ్‌లు. తిరుగు దారి 0.035 అంగుళాల గోడున్న స్టెయిన్‌లెస్ ట్యూబే అయితే అది మరో 48 దాకా. 5 కిలోమీటర్లకు మొత్తం 345 ఓమ్‌లు. పైన 200 వోల్టులు పెడితే అడుగున దొరికే గరిష్ఠ శక్తి 29 వాట్లే, ఎంత మొత్తుకున్నా 50 రాదు. అందువల్ల వోల్టేజీ పెంచాలి, లేదా ఇరవై నిమిషాలు ఓపిక పట్టి 25 వాట్లతో కానివ్వాలి. వాల్వులను ఒకదాని తరవాత ఒకటిగానే కదిలించడానికి కారణం కూడా ఇదే. అయినా పొడవాటి గొట్టంలో నూనె నొక్కుకుపోవడం, చిక్కబడడం లాంటి బాధలు లేవు. స్థానం సెన్సర్ మిల్లీమీటర్లలో చెబుతుంది, ముందుకూ వెనక్కూ ఎక్కడైనా ఆపొచ్చు.

వాల్వు చెడడం కన్నా కేబులు చెడడమే ఎక్కువ. దించేటప్పుడు ప్రతి ట్యూబింగ్ జాయింట్ దగ్గరా, అంటే సుమారు 9 నుంచి 12 మీటర్లకొకటి, కప్లింగ్ మీద కేబుల్‌కు క్లాంపు వేయాలి. ఒక్క క్లాంపు జారినా బావి వంపులో కేబులు కప్లింగ్‌కూ కేసింగ్‌కూ మధ్య నలుగుతుంది. స్లిప్స్ (గొట్టాన్ని రిగ్ నేల దగ్గర పట్టి ఉంచే పళ్ల దిమ్మెలు) పెట్టేవాడు కేబుల్ చూడకపోతే అక్కడే తెగుతుంది. ప్యాకర్ దాటించే చోట కోసి, స్ప్లైస్ చేసి (తీగను తిరిగి అతికి), ఫెర్రూల్ అనే సీలు రింగు బిగించి, అదే చోట పీడన పరీక్ష చేయాలి. కొన్ని జాయింట్లకొకసారి మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ కొలిచి రాసుకోవాలి. మంచి కేబుల్ వందల మెగాఓమ్‌లలో ఉండాలి. అంకె మెల్లగా జారుతుంటే ఏదో స్ప్లైస్‌లో తేమ దిగుతోందని అర్థం. అంతా సెట్ చేశాక కనిపెట్టేకన్నా అప్పుడే పైకి లాగడం చవక. ఒకే తీగ మీద అన్నీ వేలాడుతున్నాయి కాబట్టి ఒక వాల్వులో షార్టయితే మిగతావీ చీకట్లో పడతాయి. దానికే ప్రతి నోడ్‌లో, అంటే తీగకు తగిలించిన ప్రతి వాల్వు యూనిట్‌లో, తనను తాను లైను నుంచి విడదీసుకునే స్విచ్ పెడతారు. కొనేవాడు మొదట అడగాల్సింది ఆ స్విచ్ గురించే, వాల్వుల సంఖ్య గురించి కాదు.

ఇక పొలుసు. వాల్వులోని ఇరుకు దారి (చోక్) దాటగానే పీడనం పడి కార్బన్ డయాక్సైడ్ వదిలిపోతుంది, కాల్షియం కార్బొనేట్ స్లీవ్ మీద పేరుకుంటుంది. నెలల తరబడి కదలని వాల్వు బిగుసుకుపోతుంది. హైడ్రాలిక్ అయితే ఒత్తిడి పెంచి విదిలిస్తుంది. మోటారుకు అంత మొండి బలం ఉండదు, అందుకని షెడ్యూలు పెట్టుకుని కాస్త కాస్త అటూ ఇటూ జరుపుతూ ఉంచాలి.

మన తీరంలో నీటి చొరబాటు ఎంత చేయగలదో కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకు చూపింది. డీ1-డీ3 గ్యాస్ క్షేత్రాలు 2009 ఏప్రిల్‌లో మొదలై, నీరు, ఇసుక చేరి బావులు ఒక్కొక్కటే మూతపడి, 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి. ఐసీవీలు ఉంటే బతికేవని చెప్పడం తేలిక, కానీ సరి కాదు. ఒక పొరలో నీరు, మిగతా వాటిలో సరుకు ఉన్నప్పుడే వాల్వు పనికొస్తుంది. నిల్వే తక్కువైతే ఏ తలుపు మూసినా లాభం లేదు.

ఎస్ఎల్‌బీగా పేరు మార్చుకున్న ష్లంబర్జే 2025లో ఎలెక్ట్రిస్ పేరుతో ఈ సరుకును మళ్లీ మార్కెట్‌లో పెట్టింది. అయినా ఇలాంటి చాలా బావుల్లో ఒక హైడ్రాలిక్ గొట్టం మిగిలే ఉంటుంది. అది సేఫ్టీ వాల్వుది. ఐసీవీకి కరెంటు పోతే ఉన్నచోటే ఆగుతుంది. సేఫ్టీ వాల్వు మాత్రం అదుపు పోగానే మూసుకోవాలి. స్ప్రింగును నూనె ఒత్తిడి పట్టి ఉంచుతుంది, ఒత్తిడి పోతే స్ప్రింగు మూసేస్తుంది. నూనెకు తెలివి అక్కర్లేదు. కరెంటుతో అదే భరోసా ఇవ్వడానికి చాలాకాలం పట్టింది. డచ్ జలాల్లోని కే5ఎఫ్ క్షేత్రంలో టోటల్ 2008లో విద్యుత్ సబ్‌సీ ట్రీలు (సముద్రగర్భంలో బావి తల మీది వాల్వుల సముదాయాలు) పెట్టినా సేఫ్టీ వాల్వుకు నూనే వాడింది. అదీ కరెంటుకు మారింది 2016లో, అక్కడి మూడో బావిలో.