ఆఫీసు క్యాంటీన్, ఊరి పొలం: కంపెనీల్లో నేను వినే అపోహలు, చూసిన వాస్తవాలు

హైదరాబాద్ చుట్టూ చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు పల్లెల్లో కూరగాయలు, ఆకుకూరలు, జొన్నలు కొని సిటీలోని ఆఫీసు క్యాంటీన్లకు చేర్చడం నా పని. తెల్లవారుజామున నాలుగింటికి ఊళ్లో తూకం దగ్గర ఉంటాను. పదకొండింటికి ఏదో ఒక కంపెనీ మీటింగ్ రూములో ఉంటాను. ఆ మీటింగ్‌కు పర్యావరణం చూసేవాళ్లు వస్తారు, ఉద్యోగుల ఆరోగ్యం చూసే హెచ్‌ఆర్ వాళ్లు వస్తారు, రైతులకు ఏదైనా చేయాలని మనసున్న సీఎస్ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యత) వాళ్లు వస్తారు. ఎవరి బడ్జెట్ వాళ్లది, ఎవరి ఫైలు వాళ్లది. క్యాంటీన్‌కు రోజూ సరుకు కొనే అడ్మిన్ మనిషిని మాత్రం పిలవరు. ఇన్నేళ్లుగా నేను అడుగుతున్నది ఆ మనిషిని కూడా పిలవమనే. వీళ్లందరూ కోరుకునే పని జరిగేది ఆయన రాసే ఇండెంట్, అంటే కావాల్సిన సరుకుల చీటీ, దగ్గరే.

ఆ మీటింగుల్లో మళ్లీ మళ్లీ వినిపించే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రైతుకు మేలు చేయాలంటే సీఎస్ఆర్ నిధులు కావాలి.

కంపెనీల చట్టం 2013 ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. కానీ సొంత ఉద్యోగులకు మాత్రమే పనికొచ్చే ఖర్చును, మామూలు వ్యాపారంలో భాగంగా చేసే ఖర్చును అందులో చూపించడానికి వీల్లేదు. కాబట్టి క్యాంటీన్‌కు రైతు దగ్గర కొనే టమాటా సీఎస్ఆర్ లెక్కలోకి రాదు. రానవసరం లేదు కూడా. ఆ డబ్బు మీరు ఎలాగూ కూరగాయల మీద పెడుతున్నారు. ఎవరి దగ్గర కొంటున్నారన్నదే మారాలి.

ఏడాదికి ఒకసారి ఆఫీసు ఆవరణలో రైతు సంత పెట్టించే కంపెనీలున్నాయి. వాళ్ల మనసు మంచిదే. ఆ రోజు సరుకు అమ్ముడుపోతుంది, ఫొటోలు వస్తాయి. మర్నాడు అదే రైతు మళ్లీ మార్కెట్‌లో కమీషన్ ఏజెంటు ముందు నిలబడతాడు. అతనికి కావాల్సింది ముందుగా చెప్పే ఇండెంట్. పాలకూర, తోటకూర విత్తిన నెలలోపే కోతకొస్తాయి. టమాటా అలా కాదు. నారుమడిలో దాదాపు నెల, నాటాక తొలి కోతకు మరో రెండు నెలలు. సోమవారం ఫోన్ చేసి గురువారానికి టమాటా కావాలంటే రైతు పొలంలో ఏదుంటే అదే దొరుకుతుంది. మూడు నెలల ముందు చెబితే మీకోసం నాటుతాడు.

ధర సంగతి కూడా చెప్పాలి. 2023 జులైలో టమాటా కిలో వంద దాటిపోయింది. అంతకుముందే మేము ఏడాదికంతా ఒకే ధర అని ఒప్పుకుని ఉన్నాం. ఆ నెల మా రైతుల్లో కొందరు సరుకు మార్కెట్‌కే పంపారు. వాళ్లను తప్పు పట్టలేను. మిగతా రోజుల్లో కోత కూలి కూడా రాక పంటను చేలోనే వదిలేసింది వాళ్లే కదా! ఆ తర్వాత పద్ధతి మార్చాం. రైతుబజార్ బోర్డు మీద రాసే ఆ రోజు ధరను ఆధారంగా తీసుకుంటాం. ఎంత పడిపోయినా ఇంతకు తగ్గించం, ఎంత పెరిగినా ఇంతకు మించం అని రెండు హద్దులు ముందే రాసుకుంటాం. కింది హద్దు రైతు ఖర్చును బట్టి ఉండాలి. క్యాంటీన్ కాంట్రాక్టర్లకు మొదట ఇది నచ్చదు. ఒక సీజన్ గడిచాక వాళ్లే అడుగుతారు.

అపోహ: జీఎస్టీ నంబర్ లేని రైతు దగ్గర కంపెనీ కొనకూడదు.

అకౌంట్స్ వాళ్లు నాకు చెప్పే మొదటి మాట ఇదే. సొంతంగా పండించిన పంట అమ్మే రైతు జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేసుకోనక్కర్లేదని చట్టంలోనే ఉంది. తాజా కూరగాయల మీద పన్నే లేదు. ఆదాయపన్ను లెక్కల్లో రోజుకు 10,000 దాటిన నగదు చెల్లింపును ఖర్చుగా ఒప్పుకోరు గానీ, పండించిన రైతుకే నేరుగా ఇస్తే దానికీ మినహాయింపు ఉంది. అయినా బ్యాంకు ఖాతాలో వేయడమే మేలు, రైతుకూ ఒక రికార్డు ఉంటుంది. ఇరవై మందితో ఇరవై బిల్లులు కష్టమనుకుంటే ఆ ఊరి రైతు ఉత్పత్తిదారుల సంస్థ దగ్గర కొనండి. ఒకే బిల్లు వస్తుంది.

అసలు చిక్కు చెల్లింపు దగ్గర ఉంది. చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బు కట్టాలని చట్టం ఉంది. పొలం దున్నే రైతు ఆ చిన్న సంస్థల రిజిస్ట్రేషన్ కిందికి రాడు కాబట్టి ఆ రక్షణ అతనికి లేదు. నా తొలి రోజుల్లో ఒక పెద్ద కంపెనీ డబ్బు కట్టే గడువు (క్రెడిట్ పీరియడ్) 90 రోజులని పెట్టింది. సంతకం పెట్టేశాను. రెండో నెల ఒక రాత్రి ఫోన్ మోగింది. "అక్కా, పురుగుమందుల దుకాణమాయన ఇంటికొచ్చి కూసున్నడు. పైసలు ఎప్పుడొస్తయి?" అని ఆకుకూరలిచ్చే ఆవిడ అడిగింది. ఆమె కట్టలు అప్పటికి వేల ప్లేట్లలో వడ్డించేశారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి అప్పు తెచ్చి ఆమెకు పంపాను. ఆ తర్వాత ఏడు రోజుల్లో చెల్లించని కంపెనీతో పని ఒప్పుకోలేదు. రైతులకు సాయం చేస్తామనే కంపెనీని నేను మొదట అడిగేది ఇదే: డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు?

అపోహ: మా వాళ్లు ఆకుకూరలు, జొన్నరొట్టె తినరు.

ఒక క్యాంటీన్‌లో వారానికి రెండు రోజులు గోంగూర, తోటకూర అనుకున్నాం. రెండో వారానికే ఆపేశారు. తినేవాళ్లు లేరని రాసి పంపారు. నమ్మకం కుదరక వెళ్లి వంటింట్లో నిలబడ్డాను. హెడ్ కుక్ ఒక గోంగూర కట్ట తీసి బేసిన్‌లో ముంచి ఎత్తాడు. నీళ్లు ఎర్రగా మారాయి, అడుగున ఇసుక పేరుకుంది. "చూడండి మేడమ్. ఎనిమిది వందల మందికి వండాలి. ఈ కట్టలు విప్పి, గిల్లి, మూడు నీళ్లు మార్చి కడిగేసరికి పదవుతుంది. క్యాబేజీ అయితే మిషన్‌లో వేస్తే ఐదు నిమిషాలు" అన్నాడు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. తినేవాళ్లు లేరన్న మాట ఆయన వంటింటి కష్టం నుంచి పుట్టింది.

ఊరికి వెళ్లి మహిళా సంఘం వాళ్లతో మాట్లాడాను. ఇప్పుడు వాళ్లే వేళ్లు కోసి, మట్టి దులిపి, ఆకు గిల్లి, గాలాడే క్రేట్లలో వేస్తారు. పైన తడి గోనెపట్టా కప్పుతారు. ఊళ్లో కడగం. కడిగిన ఆకు దారిలో వేడెక్కి కుళ్లుతుంది. గిల్లినందుకు కిలోకు ఇంతని అదనంగా ఇస్తాం. క్యాంటీన్‌లో ఒక నీళ్లలో ముంచి తీస్తే చాలు. అదే హెడ్ కుక్ ఇప్పుడు పొన్నగంటికూర కూడా దొరుకుతుందా అని అడుగుతున్నాడు.

చిరుధాన్యాలతోనూ అంతే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ప్రతి క్యాంటీన్‌లో కొర్రల ఉప్మా వచ్చింది. చాలాచోట్ల నానబెట్టకుండా వండారు, పలుకుగా ఉండిపోయింది, జనం వదిలేశారు. అదే క్యాంటీన్లలో ఒకదాంట్లో, సాయంత్రం రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్మే ఇద్దరు ఆడవాళ్లకు మధ్యాహ్నం ఒక కౌంటర్ ఇచ్చారు. పెనం మీంచి తీసి వేడివేడిగా చేతిలో పెడతారు, పక్కన పచ్చిపులుసు, పప్పు. అక్కడ క్యూ ఉంటుంది. జొన్న కొత్తగా నేర్చుకోవాల్సిన తిండేమీ కాదు. మనలో చాలామంది నాయనమ్మలు రోజూ తిన్నదే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు వానాధార భూముల్లో ఈ పంటలను, వీటి విత్తనాలను దశాబ్దాలుగా కాపాడుకొస్తున్నారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. సరుకు మనకు అంత దగ్గర్లో ఉంది.

అపోహ: దగ్గర్లో కొంటే పర్యావరణానికి మేలు జరిగినట్టే.

దగ్గరతనం ఒక్కటే చాలదు. చాలా రకాల ఆహారంలో కాలుష్యం ఎక్కువ భాగం పొలంలో, పండించే తీరులో పుడుతుంది. నీళ్లు నిలిచిన వరి మడి నుంచి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుంది. ఆ బియ్యం పక్క ఊరిదైనా, దూరపు జిల్లాదైనా వస్తుంది. సగం ఖాళీగా తిరిగే చిన్న ఆటో కిలోకు పెద్ద లారీ కంటే ఎక్కువ డీజిల్ తాగొచ్చు. అందుకే ఒకే దారిలో ఉన్న మూడు నాలుగు ఆఫీసుల సరుకు మేము ఒకే బండిలో తెస్తాం. దగ్గర్లో కొనమని నేను చెప్పడానికి కారణాలు వేరే: తాజాదనం, రైతుకు దక్కే వాటా, ఏ మందు కొట్టారో పోయి చూసే వీలు.

పర్యావరణం కోసం నిజంగా ఏదైనా చేయాలంటే తిన్న ప్లేట్లు తిరిగిచ్చే చోట పారేసే తిండిని తూచే ఒక కాటా పెట్టండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో నాలుగో వంతుకు పైగా హోటళ్లు, క్యాంటీన్లలాంటి చోట్లదే. ఒక ఆఫీసులో నేనే ఆ కాటా పక్కన మూడు రోజులు నిలబడ్డాను. డబ్బాలో పడుతున్నది చాలావరకు తెల్లన్నం. వడ్డించే హస్తం పెద్దది, ఒక్క వేటుకే ప్లేటు నిండేది. చిన్న హస్తం ఇచ్చి, ఎంతమంది ఎన్నిసార్లడిగినా పెట్టమన్నాం. ఎవరూ ఆకలితో లేవలేదు, డబ్బా మాత్రం తేలికైంది. రోజుకు 100 కిలోల చెత్త దాటే సంస్థలు తడి, పొడి వేరు చేయాలని, తడిచెత్తను వీలైనంత వరకు అక్కడే శుద్ధి చేసుకోవాలని నియమం ఎలాగూ ఉంది. మన బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు పది టన్నుల దాకా కూరగాయల వ్యర్థాలతో కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. కంపెనీలు ఒకసారి వెళ్లి చూడాల్సిన చోటు అది.

అపోహ: పేపర్ కప్పు పెట్టాం కాబట్టి ప్లాస్టిక్ పోయింది.

చాలా పేపర్ కప్పుల లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, వేడి చాయ్‌లోకి దాని రేణువులు దిగుతాయి. స్టీలు గ్లాసు కడిగి వాడండి. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

అపోహ: ఉద్యోగుల ఆరోగ్యమంటే యోగా క్లాసు, అడుగుల పోటీ, హెల్త్ చెకప్.

అవి వద్దని నేననను. వాటితోనే సరిపోదు. 2019లో జామా వైద్యపత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలో ఒక రిటైల్ సంస్థలో దాదాపు 33 వేల మంది ఉద్యోగుల మీద చేశారు. ఏడాదిన్నర వెల్‌నెస్ కార్యక్రమం తర్వాత వ్యాయామం చేస్తున్నామని చెప్పినవాళ్లు పెరిగారు గానీ, బీపీ, కొలెస్ట్రాల్, సెలవులు, వైద్య ఖర్చుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

నాకు కనపడే విషయాలు చాలా మామూలువి. మధ్యాహ్నం ఒంటి గంటకు మీటింగ్ పెడతారు, మూడింటికి వచ్చేవాళ్లకు చల్లారిన అన్నం, పకోడీ మిగులుతాయి. నైట్ షిఫ్ట్ వాళ్లకు రాత్రి ఒంటి గంటకు పగలు మిగిలిన వేపుళ్లే దిక్కు. వాళ్లకు వేడి రాగిజావ, పెరుగన్నం, ఉడికించిన శనగలు పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. నూనె మళ్లీ మళ్లీ మరిగిస్తుంటే అందులో పోలార్ పదార్థాలు, అంటే నూనె పాడైందని చూపే పదార్థాలు, పెరుగుతాయి. 25 శాతం దాటితే వాడకూడదని దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. కొలిచే చిన్న పరికరం దొరుకుతుంది, మీ క్యాంటీన్‌లో ఉందో లేదో అడగండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దంటోంది. పచ్చడి, అప్పడం, సాంబారు, రెండు కూరలు కలిసిన ఒక్క భోజనంలోనే అందులో ఎంత పోతుందో మీ డైటీషియన్‌తో లెక్క వేయించండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. ఆ ఫుడ్ కోర్టును తుడిచే అక్కలు, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు మెట్ల కింద కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన డబ్బా తింటారు. వాళ్లు కాంట్రాక్టు ఉద్యోగులు కాబట్టి కూపన్ ఉండదు. వాళ్లలో కొందరు మాకు కూరగాయలిచ్చే ఊళ్ల నుంచి వలస వచ్చినవాళ్లే. ఆరోగ్య కార్యక్రమం వాళ్ల ప్లేటుతో మొదలుపెట్టమని ప్రతి హెచ్‌ఆర్‌కూ చెబుతాను. రెండు కంపెనీలు విన్నాయి.

అపోహ: ఊరి సరుకంటే ఆర్గానిక్కే.

కాదు. నా రైతుల్లో రసాయన మందు కొట్టేవాళ్లున్నారు, మానేసినవాళ్లున్నారు, మధ్యలో ఉన్నవాళ్లున్నారు. ఆర్గానిక్ అని రాసి అమ్మాలంటే ఎన్‌పీఓపీ లేదా పీజీఎస్ అనే ప్రభుత్వ సేంద్రియ ధ్రువీకరణ ఉండాలి. ఆ బోర్డు ఊరికే పెట్టించొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రభుత్వం, మహిళా సంఘాలు కలిసి లక్షల మందిని ప్రకృతి వ్యవసాయం వైపు తెచ్చాయి, 2024లో ఆ కార్యక్రమానికి గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అయినా మారే రైతుకు మొదటి రెండు మూడేళ్లు దిగుబడి తగ్గుతుందేమోనన్న భయం ఉంటుంది. ఆ రెండు మూడేళ్లు సరుకు తీసుకుంటానని రాసిచ్చే కంపెనీ ఒక్కటి చాలు, ఆ టెన్షన్ సగం తగ్గుతుంది.

అపోహ: ఇదంతా పెద్ద కంపెనీల పని.

నలభై మంది ఉన్న ఆఫీసుకు క్యాంటీన్ ఉండదు, కర్రీ పాయింటే దిక్కు. అలాంటి ఒక ఆఫీసు శుక్రవారం సాయంత్రం కూరగాయల సంచులు తెప్పించుకుంటుంది. బుధవారం లోపు వాట్సాప్ గ్రూపులో ఎవరికి కావాలో చెబుతారు. ఐదారు రకాలు, సీజన్లో ఏది పండితే అది. డబ్బు ముందే కడతారు. ఇద్దరు రైతుల శుక్రవారం కోత మొత్తం అక్కడికే పోతోంది. మీరూ మొదలుపెట్టాలనుకుంటే ముందు ఒక్క ఊరు, రెండు పంటలు చాలు. సంక్రాంతికి టమాటా కావాలంటే దసరా రోజుల్లోనే రైతుకు మాట ఇవ్వండి, నారు పోసేది అప్పుడే.