తప్పు కాదు, ముప్పు: వయసుతో వచ్చే కంటి జబ్బులపై అపోహలు, వాస్తవాలు

"నేనేం తప్పు చేశానమ్మా, ఈ జబ్బు నాకే ఎందుకొచ్చింది?" ఓపీలో రోజూ వినే ప్రశ్న. పరిశోధనలు తేల్చేది తప్పును కాదు, ముప్పును. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం అపోహలు.

అపోహ: కంటిలో ప్రెషర్ ఎక్కువుంటే గ్లకోమా (కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు) ఖాయం, నార్మల్‌గా ఉంటే భయం లేదు.

రెండూ నిజం కాదు. ప్రెషర్ ఎక్కువున్నా నరం ఇంకా దెబ్బతినని వాళ్ల మీద అమెరికాలో ఓ పెద్ద అధ్యయనం చేశారు. ఫలితాలు 2002లో వచ్చాయి. చుక్కల మందు వేయనివాళ్లలో ఐదేళ్లకు గ్లకోమా వచ్చింది 9.5 శాతం మందికి, వేసినవాళ్లలో 4.4 శాతం మందికి. అంటే మందు ముప్పును సగానికి తగ్గించింది. అదే లెక్కను తిప్పి చూడండి: మందు లేకపోయినా ఆ ఐదేళ్లలో 90 శాతం మందికి జబ్బు రాలేదు! ఇక ప్రెషర్ నార్మల్‌గానే ఉండి నరం దెబ్బతినేవాళ్లూ ఉన్నారు. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పలచగా ఉండటం కూడా ముప్పేనని ఆ అధ్యయనంలోనే తేలింది. పైగా పలచని కార్నియా మీద ప్రెషర్ ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. అందుకే ఒక్క అంకె చూసి మేం ఎవరినీ పంపించెయ్యం, నరాన్ని కూడా చూస్తాం.

అపోహ: ఇంట్లో ఎవరికైనా జబ్బు ఉంటే మనకీ తప్పదు.

కంటి వెనక వెలుతురును పట్టే పొర రెటీనా, దాని మధ్యభాగం మాక్యులా. వయసుతో అది క్షీణించే జబ్బుకు, రోగనిరోధక వ్యవస్థలో భాగమైన ఒక జన్యువుకు బలమైన సంబంధం ఉందని 2005లో బయటపడింది. ఆ రకం జన్యువు ఉన్నా జబ్బు రానివాళ్లు చాలామందే. జన్యువును మార్చలేం గానీ సిగరెట్ మానొచ్చు. పొగతాగేవాళ్లకు ఈ ముప్పు రెండు నుంచి నాలుగు రెట్లు. గ్లకోమా ఉన్నవాళ్లతో మాత్రం తోబుట్టువులకూ పరీక్ష చేయించమని గట్టిగానే చెబుతాను.

అపోహ: కంటి విటమిన్లు ముందునుంచే వేసుకుంటే మంచిది.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. 2001లో వచ్చిన ఏరెడ్స్ అనే అమెరికా అధ్యయనంలో విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, జింక్ కలిపి ఇస్తే, మాక్యులా జబ్బు మధ్యస్థ దశకు చేరినవాళ్లలో అది ముదిరే ముప్పు పావువంతు తగ్గింది. జబ్బు లేనివాళ్లకు, తొలి దశలో ఉన్నవాళ్లకు ప్రయోజనం కనిపించలేదు. శుక్లాలను అవి ఆపలేదు. పొగతాగేవాళ్లలో బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుందని వేరే అధ్యయనాల్లో తేలింది. దాంతో 2013 నాటి రెండో ఏరెడ్స్ తర్వాత దాని స్థానంలోకి లూటీన్, జియాజాంతిన్ అనే మొక్కల వర్ణకాలు వచ్చాయి. అందులోనే ఒమేగా-3 కూడా పరీక్షించారు. అదనపు లాభమేమీ లేదు. డబ్బా మీద కన్ను బొమ్మ ఉన్నంత మాత్రాన మనకు పనికొస్తుందనుకోకండి.

ఫోన్ వెలుగుకు మాక్యులా పాడవుతుందనీ, తక్కువ వెలుతురులో చదివితే శుక్లాలు వస్తాయనీ అంటుంటారు. రెండింటికీ ఆధారాల్లేవు. కళ్లు అలసిపోవడం వేరు, జబ్బు వేరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు, ఒక రకం శుక్లాలకు మాత్రం సంబంధం ఉంది. డయాబెటిస్, ఏళ్ల తరబడి వాడే స్టెరాయిడ్లు కూడా శుక్లాలను త్వరగా తెస్తాయి.

అపోహ: చూపు బాగానే ఉంది, పరీక్ష ఎందుకు?

మాక్యులాను పరీక్షించే గళ్ల కాగితం ఒక పెద్దాయన చేతికి ఇచ్చాను. రెండు కళ్లతో చూసి "అన్నీ నిటారుగానే ఉన్నాయమ్మా" అన్నారు. కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో మధ్య చుక్కను చూడమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం మీద వేలు పెట్టి, "ఈ గీత ఇక్కడ వంగిందేంటి?" అన్నారు. ఎప్పటినుంచని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. కుడి కన్ను ఆ లోటును తెలియకుండా పూడ్చేస్తూ వచ్చింది.