చిన్నపిల్లల జెండా పండగ ఊరేగింపు: అపోహలు - వాస్తవాలు

ఆగస్టు 15న మూడు నుంచి ఆరేళ్ల పిలకాయలతో వీధిలో ఊరేగింపు చేయించాలనుకునే కాలనీ సంఘాలకూ, అంగన్‌వాడీ టీచర్లకూ ఇది. పెద్దల ర్యాలీనే కాస్త కుదించి పిల్లల నెత్తిన పెట్టడంతోనే తిప్పలన్నీ మొదలవుతాయి. దారి, టైము, జెండా పుల్ల, అన్నీ నాలుగేళ్ల బిడ్డ కొలతకు చూసుకోవాలి.

అపోహ: ఊరంతా తిరిగితేనే ఊరేగింపు.

వాస్తవం: ఈ ఈడు వాళ్లకు 400 మీటర్లు చాలు. గుంపుగా, ఆగుతూ నడిచేసరికి దానికే 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. కిలోమీటరు పెట్టారంటే సగం దారిలోనే ఎత్తుకోమని చేతులు చాస్తారు, ఎత్తుకునేందుకు అంతమంది పెద్దలుండరు. ట్రంకు రోడ్డు జోలికి పోవద్దు. నెల్లూరులో మాగుంట లేఅవుట్, ఒంగోలులో లాయర్‌పేట లాంటి చోట్ల లోపలి వీధులు చూసుకుని, బయలుదేరిన చోటికే తిరిగొచ్చేలా దారి వేసుకోండి. ముందురోజు ఆ దారిన ఒకసారి నడవండి. మూత లేని సైడు కాలువ, కుక్కలు పడుకునే మలుపు, కిందికి వేలాడే కేబుల్ వైరు అప్పుడే కంటబడతాయి. పోలీస్ స్టేషన్లో కాగితం మీద రాసిచ్చి, మైకుకు అనుమతి కూడా ముందే తీసుకోండి.

అపోహ: ఆగస్టు వానాకాలమే కదా, ఎండ బాధ ఉండదు.

వాస్తవం: మన నెల్లూరు, ఒంగోలు వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వచ్చేవి. ఆగస్టులో పొద్దెక్కేకొద్దీ ఉక్కపోత. ఏడింటికి అందరూ చేరాలి, 7.15కి కదలాలి, 7.40కి జెండా, ఎనిమిదింపావుకల్లా ఇళ్లకు. అతిథి రాలేదని బిడ్డల్ని ఎండలో నిలబెట్టడం అన్యాయం. టైముకు రాకపోతే వీధిలో అందరికంటే పెద్దావిడ చేత జెండా ఎగరేయించండి. జాతీయగీతానికి సుమారు 52 సెకన్లు పడుతుంది. ఆ కాసేపు కదలకుండా నిలబడే ఓపిక పిల్లల్లో మిగలాలంటే ప్రసంగాలు ఆ తర్వాతే, అదీ నీడలో. రెండు ఇడ్లీలైనా పెట్టి పంపమని తల్లులకు ముందురోజే చెప్పాలి. నిలబడ్డచోటే కళ్లు తిరిగేది ఎక్కువగా ఖాళీ కడుపుతో వచ్చిన బిడ్డకే. తలకు ఒక గ్లాసు, 200 మిల్లీలీటర్ల నీళ్ల లెక్కన పెట్టుకుని, మరో పావు వంతు అదనంగా ఉంచండి.

అపోహ: చేయీ చేయీ పట్టుకుంటే వరుస చెదరదు.

వాస్తవం: రెండు నిమిషాలకే చెదురుతుంది. చెమట చేతులు జారతాయి, రెండో చేతిలో జెండా ఉంటుంది. పది మందికి 20 అడుగుల నూలు తాడు తీసుకోండి. రెండు చివర్లా నాలుగేసి అడుగులు వదిలి, మధ్యలో మూడడుగులకొకటి చొప్పున ఐదు ముళ్లు వేయండి. ముడికి ఇద్దరు, అటొకరు ఇటొకరు. ముందూ వెనకా తాడు పట్టుకునే పెద్దలు ఇద్దరు. తాడును పిల్లల చేతికి చుట్టనివ్వకండి, ఒకరు పడితే తక్కినవాళ్లనూ లాగేస్తుంది. మైకు ఆటో కనీసం 30 అడుగులు ముందుండాలి. దగ్గరైతే పొగ, హోరు కలిసి చిన్నవాళ్లు బెదిరి ఏడుస్తారు. డప్పులున్నా అంతే దూరం. ట్రాక్టరు ట్రక్కు మీద శకటం కట్టి పిల్లల్ని ఎక్కించడం మాత్రం వద్దే వద్దు.

అపోహ: చేతి జెండా ఏదైనా ఒకటే.

వాస్తవం: ప్లాస్టిక్‌వి వాడకూడదు. కాగితపు జెండాలు పట్టుకుని ఊపడానికి జెండా నియమావళి ఒప్పుకుంటుంది, కానీ పని అయ్యాక నేలమీద పారేయకూడదు. 150 × 100 మిల్లీమీటర్లు, నియమావళిలోని అతి చిన్న కొలత, పిల్లల చేతికి సరిగ్గా సరిపోతుంది. పుల్ల అడుగుకు మించకూడదు. చీపురు పుల్ల, చీల్చిన వెదురు పుల్ల పక్కవాడి కంట్లో గుచ్చుకుంటాయి. నున్నటి గుండ్రటి పుల్ల తెచ్చి కొనకు నూలు టేపు రెండు చుట్లు చుట్టండి. ఊరేగింపు చివర ఒకరు సంచితో నడుస్తూ పడ్డవన్నీ ఏరాలి. చిరిగినవాటిని తర్వాత ఎవరూ లేనిచోట గౌరవంగా తగలబెట్టండి.

అపోహ: ముడి గట్టిగా వేస్తే జెండా భద్రం.

వాస్తవం: అందరి ముందూ జెండా విచ్చుకోక ఇరుక్కుపోయేది అందుకే. లాగితే ఊడిపోయే జారుముడి ఒక్కటి చాలు. లోపల పూలరేకులు గుప్పెడే, అవీ ఆరినవి. తడి రేకులు ముద్దకట్టి బట్టకు మరకలు చేస్తాయి. కప్పీ తిరుగుతుందో లేదో, కాషాయం పైకే వస్తుందో లేదో ముందురోజు ఎగరేసి చూడాలి.

అపోహ: వేషమంటే గాంధీ, భరతమాత, అల్లూరి.

వాస్తవం: వేసుకోండి, సంతోషం. కానీ మన మట్టిలోనూ ఉన్నారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ను ఎదిరిస్తూ తుపాకులకు గుండె చూపిన టంగుటూరి ప్రకాశం పంతులు, నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం స్థాపించిన పొణకా కనకమ్మ, పొట్టి శ్రీరాములు. పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని 1921లో గాంధీజీ ప్రారంభించారు. గాంధీ వేషం వేసిన బిడ్డకు ఆ మాట చెబితే వాడి నడకే మారుతుంది. తెల్ల పంచె, కండువా, ఖద్దరు చీర చాలు, అద్దె డ్రెస్సులు అక్కర్లేదు. మీసాలకు ఫెవికాల్ పూయొద్దు, కాటుకతో గీయండి. జెండాను నడుము కిందికి కట్టే బట్టగా వాడటం నిషేధం.

అపోహ: చివర్లో చాక్లెట్లు ఉండాల్సిందే.

వాస్తవం: గట్టి బిళ్లలు, వేరుశనగ గింజలు ఈ వయసులో గొంతుకు అడ్డం పడతాయి. అరటిపండు, మెత్తటి బిస్కెట్లు ఇవ్వండి.

పంచేటప్పుడే గందరగోళం, తప్పిపోయేదీ అప్పుడే. తల్లి ఫోన్ నంబరు రాసిన కాగితం పట్టీ బిడ్డ మణికట్టుకు ముందే కట్టి ఉంచండి. పేరు మాత్రం బయటికి కనబడనివ్వకండి, పేరు పెట్టి పిలిచినవాళ్ల వెంట పసివాళ్లు వెళ్లిపోతారు. తాడు వదిలించే ముందు హాజరు పట్టీ చూసి, పొద్దున దించినవాళ్లు వచ్చాకే ఒక్కొక్కరిని అప్పజెప్పండి.